రెగ్యులేటర్ మీద చెప్పులు

మా ఉస్తాద్ పోయాడు. గురువారం పొద్దున, ఉప్పుగూడ స్టేషన్ పక్కన పట్టాలకు ఆనుకుని ఉన్న తన రెండు గదుల ఇంట్లో, చాయ్ తాగి గ్లాసు కింద పెట్టి, గోడకు ఒరిగి అట్లాగే పోయాడట. కబురు తెచ్చింది పక్కింటి గ్యాంగ్‌మన్. కిషన్‌బాగ్ దగ్గర నేను పనిచేసే పాత ఇనుము యార్డుకు సైకిల్ మీద వచ్చి, గేటు దగ్గరే ఆగి, "నీ బాయిలర్ మేస్త్రి పోయిండు, నడు" అన్నాడు. నా చేతిలో గ్యాస్ కట్టర్ మండుతూ ఉంది. దాన్ని ఆర్పడానికి ఏ చెవి ముందు తిప్పాలో ఒక్క క్షణం తోచలేదు. ఆ పని నేర్పింది కూడా ఆయనే.

చావు కాయితంలో గుండె ఆగి పోయాడని రాశారు. గుండె ఆగకుండా పోయినవాణ్ణి నాకు ఒక్కణ్ణి చూపించండి. ముప్పై ఏళ్ళకు పైగా ఇంజన్ల కడుపులో దూరి బొగ్గుమసి పీల్చాడని రాయడానికి ఆ కాయితంలో జాగా లేదు కాబోలు.

రైలెక్కేవాళ్ళకు డ్రైవర్ తెలుస్తాడు, గార్డు తెలుస్తాడు. ఇంజన్ నడవని రోజున దాని బొగ్గు మండే నిప్పుగూడులోకి, మనిషి భుజాలు పట్టీ పట్టనంత కంతలోంచి పాక్కుంటూ దూరి, లోపల కూర్చుని ఒక్కొక్క బోల్టును చిన్న సుత్తితో కొట్టి చప్పుడు వినే మనిషి ఎవరికీ తెలియడు. ఆ మనిషి మా ఉస్తాద్. చప్పుడు గట్టిగా వస్తే బోల్టు మంచిది, మందంగా వస్తే లోపల విరిగింది. ఇరవై ఏళ్ళప్పుడు రోజుకూలీ ఖలాసీగా ఇంజన్ల షెడ్డులో చేరి నేను ఆయన చేతికింద పడ్డాను. మొదటి వారం నాకు అన్ని బోల్టులూ ఒకే తీరుగా వినిపించాయి. ఆ మాటే చెబితే, "నీ చెవులల్ల ఇంక బజారే ఉన్నది. అది పోయినంక వినవడ్తది" అన్నాడు. మూడు నెలలు పట్టింది పోవడానికి.

మా షెడ్డులో ఎక్కువ ఇంజన్లు యుద్ధం కాలంలో అమెరికా నుంచి ఓడల్లో వచ్చినవి. చిన్న గేజు బండ్లు. వాటిని అందరూ అమెరికా ఇంజన్లనే అనేవాళ్ళు. ఆయన మాత్రం ఒక్కొక్కదాన్ని నంబరుతో పిలిచేవాడు, ఇంటి మనుషుల మీద చాడీ చెప్పినట్టు చెప్పేవాడు. ఫలానాది ఎడమ పక్క కారుతుందని, ఫలానాది చలికాలం పొద్దున మొండికేస్తుందని. అన్నిట్లోకీ ఒకదాని మీద ఆయనకు ప్రాణం. నంబరు ఆఖర్న ఏడు ఉండేది కనక దాన్ని సాత్ అనేవాడు. షెడ్డులో తన మొదటి పని ఆ ఇంజన్ లోపలే.

ఇప్పుడు చెప్పుల సంగతి. మనిషి ఇంజన్ లోపల ఉన్నాడంటే బయట బోర్డు తగిలించాలి. అది రూలు. ఆయన వయసులో ఉన్నప్పుడు ఒకనాడు బోర్డు జారి కిందపడింది. లోపల ఆయన జోడీ మేస్త్రి ఉన్నాడని తెలియక ఎవడో కట్టెలు వేసి నిప్పు పెట్టాడు. మనిషిని బయటకు లాగారు గాని ఆ మనిషి మళ్ళీ పనికి రాలేదు. ఆనాటి నుంచి మా ఉస్తాద్ బోర్డుతో పాటు తన చెప్పులు కూడా విప్పి, రెగ్యులేటర్ హ్యాండిల్‌కు, అంటే డ్రైవర్ ఆవిరి వదిలే ఆ పొడుగు పిడికి, తగిలించి లోపలికి దూరేవాడు. టైరు అట్టతో కుట్టించిన చెప్పులు, మసికి నల్లబడ్డవి. షెడ్డంతటికీ అవి తెలుసు. అవి కనబడితే, లోపల ఆయన బోల్టుల చప్పుడు వింటున్నాడని పక్కన ఎవరూ గొంతు పెంచేవాళ్ళు కాదు. తగిలించినవాడే తియ్యాలి. ఇంకొకడు ముట్టుకుంటే తల్లిని తిట్టినట్టే. చూసి చూసి మిగతా మేస్త్రీలందరూ అదే అలవాటు చేసుకున్నారు.

ఒకసారి కొత్తగా వచ్చిన ఆఫీసరు, కోస్తా మనిషి, డ్రైవర్ నిలబడే క్యాబులోకి ఎక్కి మండిపడ్డాడు. "ఏమయ్యా, రెగ్యులేటరు మీద చెప్పులేమిటి? బోర్డు ఉంది కదా!"

నిప్పుగూడు లోపలి నుంచి గొంతు వచ్చింది. "బోర్డును మర్చిపోతరు సార్. చెప్పులు ఏడ ఇడిచిననో ఎవడన్న మర్చిపోతడా?"

ఆఫీసరు కిందికి దిగి పోయాడు. ఆ తర్వాత చెప్పుల మాట ఎత్తలేదు.

ఇంట్లో కూడా అదే అలవాటు. తలుపు పక్కన గోడకు మేకు కొట్టి చెప్పులు దానికే తగిలించేవాడు. దేవుడి పటం ఉండాల్సిన ఎత్తులో చెప్పులేందని పెద్దమ్మ, ఆయన భార్యను నేను అట్లాగే పిలుస్తాను, రోజూ లొల్లి చేసేది. "చెప్పులు కనవడితె మొగడు ఇంట్ల ఉన్నట్టు. నీకు ఫికరుండది" అనేవాడు ఆయన.

ఏడో తరగతి తప్పిన నాకు ఇంగ్లీషు వచ్చిందంటే ఆయన కొన్న ఒక్క పుస్తకం వల్ల. జుమేరాత్ బజార్లో పాత కాయితాల రద్దీ కుప్పలో దొరికింది. అట్ట లేదు. అమెరికాలో మూతపడిన ఒక రైలు కంపెనీ ఆవిరి ఇంజన్ల పుస్తకం. బొమ్మలున్నాయి, వెనక పేజీల్లో వాటి జాబితా ఉంది: నంబరు, ఎప్పుడు చేశారు, ఆఖరికి ఏమైంది. ఆయన చదువు ఉర్దూలో, అదీ కొంచెమే. బొమ్మలు చూసి బాయిలర్ ఎక్కడ అతుకు పడిందో చెప్పేవాడు. అక్షరాలు మాత్రం నన్ను చదవమన్నాడు. డిక్షనరీ ఒకటి సంపాదించి, అన్నం తినే గంటలో మాట మాటకూ వెతికి చదివాను. జాబితా దగ్గరికి వచ్చాక డిక్షనరీ అవసరం పడలేదు. ఆఖరి గళ్ళలో అన్నిటికీ ఒకటే మాట.

"దీనికేం రాసిండ్రు?"

"స్క్రాప్, ఉస్తాద్."

"దీని కిందిదానికి?"

"స్క్రాప్."

చావు కబురు విన్నట్టు ఒక్కొక్కదానికీ తల కొంచెం వంచేవాడు. నేను విసుగుపడి అన్నీ ఒకటేనంటే ఒప్పుకోలేదు, ఒక్కొక్క నంబరూ చదివించాడు. మొత్తంలో ఒక్కటి మిగిలింది. ఏదో ఊళ్ళో పార్కులో రంగు వేసి నిలబెట్టారట. దాని గురించి ఒకటే అడిగాడు: లోపల ఎవరన్నా ఊడుస్తారా అని. అది రాయలేదన్నాను. అప్పుడు పుస్తకం నా చేతిలోంచి తీసుకుని ముందుకూ వెనక్కూ తిప్పి, "ఇంజన్ల పేర్లున్నయి, కంపెనీ పేరున్నది. పని జేసినోళ్ళ పేర్లు ఏవి బేటా?" అన్నాడు.

లేవు. ఎక్కడా లేవు. నాకు ఒళ్ళు మండింది. ఆయనకు మండలేదు. మర్నాడు ఒక నోటుబుక్కు తెచ్చి మా షెడ్డు జాబితా రాయమన్నాడు. ఇంజన్ నంబరు, దాన్ని ఎవరు బాగుచేశారు, ఎవరు కడిగారు, ఎవరి చెయ్యి దానిలో కాలింది. ఖలాసీల పేర్లు కూడా. ఆఖరి గడి మాత్రం ఖాళీగా ఉంచమన్నాడు. "గది మనం రాసేది కాదు" అన్నాడు.

ఆ గడే ఇవాళ నన్ను నిద్రపోనివ్వడం లేదు.

డీజిల్ ఇంజన్లు వచ్చాయి. ముందు మమ్మల్ని, రోజుకూలీలను, తీసేశారు. ఏడేళ్ళు చేశాక ఒక పొద్దున గేటు దగ్గర నా పేరు పిలవలేదు. ఉస్తాద్ అక్కడే నిలబడి ఉన్నాడు. నా తరఫున ఒక్క మాట అనలేదు. నేను ఆయన ముఖం చూడకుండా వచ్చేశాను. సంవత్సరం దాకా ఉప్పుగూడ వైపు వెళ్ళలేదు.

ఆయన రిటైరయిన రోజు నేను లేను, విన్నాను. అప్పటికే సాత్‌ను పనికిరాదని తేల్చి పక్క పట్టా మీద పెట్టారు. ఆయన పొద్దున చెప్పులు దానికి తగిలించి, లోపలికి దూరి, చల్లని నిప్పుగూడును చీపురుతో ఊడ్చి బయటికొచ్చాడు. అందరికీ దండం పెట్టాడు. చెప్పులు తీసుకోలేదు. ఆ కంకర మీద వట్టికాళ్ళతో ఇంటికి నడిచి వెళ్ళాడు.

దాన్ని కోయడానికి కాంట్రాక్టరు మనుషులు వచ్చారు. క్యాబులో చెప్పులు చూసి, షెడ్డువాళ్ళు సంగతి చెబితే వెనక్కి తిరిగారు. మర్నాడూ అంతే. లోపల ఎవరూ లేరని అందరికీ తెలుసు. అయినా ఎవడి చెయ్యీ లేవలేదు. షెడ్డు వాళ్ళలో ఒక్కడు కూడా ఆయన ఇంటికి వెళ్ళి తీసుకుపొమ్మని అడగలేదు. చెప్పులున్నన్నాళ్ళు ఇంజన్ ఉంటుందని వాళ్ళకు తెలుసు.

కాంట్రాక్టరు మా ఇనుము యార్డుకు వచ్చి, షెడ్డు పద్ధతులు పట్టించుకోకుండా కోసే మనిషి కావాలన్నాడు. నేను లేచాను. పని అవసరమని చెప్పుకోవచ్చు, అది అబద్ధం కాదు. కాని నిజం అది ఒక్కటే కాదు. గేటు దగ్గర ఆయన నోరు తెరవలేదన్న కోపం నాలో రగులుతూనే ఉంది. క్యాబు ఎక్కాను. షెడ్డువాళ్ళు దూరం నుంచి చూస్తున్నారు. ఒకడు మాత్రం అన్నాడు. "నువ్వారా? వేరెవడన్న అయితే ఇంత బాధుండకపోవు."

చెప్పులు తీశాను. నాలుగు రోజుల్లో సాత్ లేదు.

పారేద్దామనుకున్నాను, చేతులు రాలేదు. పాత గుడ్డలో చుట్టి నా పనిముట్ల డబ్బా అడుగున పెట్టాను. క్యాబు పక్కన నంబరు రాసి ఉన్న రేకును పళ్ళెమంత ముక్కగా కోసి ఉంచాను. నెల తర్వాత అది పట్టుకుని ఉప్పుగూడ వెళ్ళాను. ఇంటి ముందు ఆయన కొత్త చెప్పులు అందరి చెప్పుల్లాగే నేల మీద ఉన్నాయి. మేకు ఖాళీగా ఉంది.

ఎవరో వేరే మనుషులు కోశారని, వాళ్ళనడిగి ఈ ముక్క తెచ్చానని చెప్పాను. ఆయన ముక్కను ఒళ్ళో పెట్టుకుని అంచు మీద బొటనవేలు నడిపాడు. నాకు ఒక చెడ్డ అలవాటుంది. కోత ఆఖరి అంగుళంలో ఊపిరి బిగబడతాను, చెయ్యి ఆగుతుంది, ఆ చోట పంటిగాటులాంటి నొక్కు పడుతుంది. షెడ్డులో ఆ నొక్కు మీద వేలు పెట్టి ఎన్నిసార్లు తిట్టాడో. ఆ వేలు ఇప్పుడు ఒక మూల దగ్గర ఆగింది. అక్కడే ఉండిపోయింది. వేలు తియ్యకుండానే అడిగాడు.

"చెప్పులేమైనయో తెలుసా?"

"ఎవరు తీసిండ్రో, నేను చూడలే" అన్నాను.

ఆయన తల ఊపాడు. పెద్దమ్మను చాయ్ పెట్టమన్నాడు. చాయ్ తాగుతూ, నేను అడక్కుండానే చెప్పాడు. "నీ పేరు పిలవనినాడు నేను సాబ్ తలుపు దాన్క పోయిన. లోపలికి పోలే. భయమైంది బేటా. నాది కూడ పోతదని. గది చెప్పాలె నీకు, ఎన్నడో చెప్పాలె."

ఇంతకన్న మంచి అవకాశం ఎవరిస్తారు? ఆయన తన మాట నా ముందు పెట్టాడు, నా మాట పెట్టడానికి జాగా ఇచ్చాడు. నేను చాయ్ తాగాను. ఆ తర్వాత ఆరేడుసార్లు వెళ్ళాను, ఎప్పుడూ వచ్చేవారం చెబుదామనే అనుకున్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. ఆ గురువారం కట్టెను మోసినవాళ్ళలో నేనూ ఉన్నాను. భుజం మీద బరువే లేదు.

మూడోనాడు గుడ్డ మూట పట్టుకుని వెళ్ళాను. పెద్దమ్మ ముందు విప్పి, "సాత్‌ను కోసింది నేనే పెద్దమ్మా. వీటిని తీసింది నేనే" అన్నాను.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. ఆ రేకు ముక్కను రోజూ తుడిచేవాడని చెప్పింది. మూల మీద వేలు పెట్టుకుని కూర్చునేవాడట. ఏందది అనడిగితే, "మా పోరడు ఇంక దమ్ము ఆపుతనే ఉన్నడు" అనేవాడట.

నోటుబుక్కు ఇప్పుడు నా దగ్గరుంది. సాత్ వరసలో, పని చేసినవాళ్ళ పేర్ల పక్కన ఖాళీగా ఉన్న ఆఖరి గడిలో స్క్రాప్ అని రాయలేదు. కోసింది నేను అని నా పేరు రాశాను. ఆ అమెరికా పుస్తకంలో కోసినవాడి పేరు కూడా లేదు. మా దాంట్లో ఉంటుంది. షెడ్డులో పనిచేసి ఇది చదువుతున్న అన్నలారా, మీరు నన్ను ఏమన్నా పడతాను.

పెద్దమ్మ ఆ చెప్పులు తీసుకుని, కొంగుతో మసి తుడవబోయి ఆగింది. తుడవకుండానే తీసుకెళ్ళి తలుపు పక్క మేకుకు తగిలించింది. ఎన్నో ఏళ్ళు వద్దని పోట్లాడిన ఎత్తులోనే. అంతలో ఫలక్‌నుమా వైపు బండి వచ్చింది. పట్టాల పక్క ఇల్లు కదా, గోడ కదిలింది, గ్లాసులు మోగాయి, చెప్పులు మేకు మీద ఊగాయి. బండి పోయింది. గ్లాసుల చప్పుడు ఆగింది. చెప్పులు ఇంకా కొంచెం ఊగుతున్నాయి. అవి ఆగేదాకా మేమిద్దరం గొంతు పెంచలేదు, లోపల మనిషి పనిలో ఉన్నట్టు.