రెల్లుపొదకు గడువు

నిన్న మా క్లబ్‌హౌస్‌లోకి అడుగుపెడితే, గాజు కూజాలో గులాబీరంగు అద్దిన ఎండు గడ్డికంకులు కనిపించాయి. విదేశం నుంచి వచ్చాయట. వాటి పక్కన నిలబడి ఫోటోలు దిగుతున్నారు. నాకు ఒళ్లు మండింది. ఇలాంటి కంకులే మన నేలమీద పూస్తే కోసి పారేసింది ఈ పెద్దమనుషులే.

తెల్లాపూర్‌లోని ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ప్రహరీ మూలన రెల్లు నాటాను. అవతల పునాదులు తవ్వుతుంటే అడిగి తెచ్చుకున్న దుబ్బు. ఊరికే వచ్చిన సరుకంటే, కిరాణా కొట్లో గల్లాపెట్టె పక్కన పెరిగిన నాకు ఎంత ప్రేమో చెప్పాలా? వానలు వెనకబట్టేసరికి తెల్లటి కుచ్చులు లేచాయి. సాయంత్రపు ఎండ వాటిమీద పడితే ఎదుటి ఆఫీసు టవర్ల అద్దాలు చిన్నబోయేవి. ఆకుల నడుమ జీనువాయిలనే బొటనవేలంత పిట్టలు బంతిలాంటి గూడు అల్లుకున్నాయి. దగ్గరికి వెళితే లోపల పిల్లల కిచకిచ.

అప్పుడు దిగాడు మా సొసైటీ సెక్రటరీ. "పిచ్చిగడ్డి అండి, మేడమ్. పాములొస్తాయని కంప్లైంట్లు. ఆదివారం తీయించేస్తాం."

కావలసినదానికి రెట్టింపు అడగమన్నది మా నాయనమ్మ కొట్లో నేర్పిన మొదటి పాఠం. పిల్లలు ఎగిరిపోవడానికి దసరా దాకా చాలు. నేను శివరాత్రి దాకా అడిగాను.

"గడ్డికి శివరాత్రేంటండీ?"

"పోనీ దీపావళి. పసిపిల్లలున్న కిరాయి ఇల్లు ఆదివారానికి ఖాళీ చేయిస్తారా బాబూ?"

ఆయన బేరంలో దిగలేదు, ఎక్కలేదు. సొసైటీ వాట్సాప్ గ్రూపులో ఓటింగు పెట్టాడు. ఆ మూల ఎక్కడుందో తెలియనివాళ్లు కూడా తీసెయ్యమని వేలు నొక్కారు. దొంగసరుకు అమ్మేవాడైనా బేరమాడతాడు. వేలు నొక్కి పోయేవాళ్లతో ఏం మాట్లాడను?

ఆదివారం నేను పొద ముందు ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తోటమాలి మిషన్ ఆపాడు. "జర జరుగమ్మా."

"గూడున్న కాడ వదిలెయ్, తమ్ముడూ."

"నేనిది వదిల్తే, గా సారు నన్ను వదల్తడా?"

అయినా గూటి చుట్టూ గుప్పెడు గడ్డి వదిలాడు. గెలిచానని మురిసిపోయాను, పిచ్చిదాన్ని. చాటు పోయిన గూడు కాకులకు చిరునామా అయింది. తెల్లారేసరికి అది చిరిగి నేలమీద ఉంది. తల్లిపిట్ట రోజంతా ఖాళీ మొదళ్లమీద వాలుతూ లేస్తూ గడిపింది. మిగిలిన గుప్పెడూ మర్నాడు పీకించారు.

ఇప్పుడక్కడ పచ్చటి తివాచీలాంటి లాన్. ఒక్క పిట్టా వాలదు. కానీ ఈ వానలకు దాన్ని చీల్చుకుని రెల్లు పిలకలు లేచాయి. సెక్రటరీకి చెప్పలేదు. లేచివెళ్లిన గిరాకీ తిరిగొస్తే ధర తగ్గించకూడదనేది నాయనమ్మ. ఈసారి శివరాత్రికి ఒక్కరోజు కూడా తగ్గను. కాలంతో అసలు బేరమాడేది నేలకింద మిగిలిపోయిన ఆ రెల్లు వేరు. నేను దాని కొట్లో గుమాస్తాను.