ఎలుక మీద నేను వేసిన నింద

ఎలుకే దోషి అని తేల్చింది నేనే. ఎవరో అంటే విని అనలేదు. నా కళ్లతో నేనే కనిపెట్టి, నా వేలితో నేనే ఎర్ర సున్నాలు చుట్టి అందరికీ చూపించాను. చూపించి మురిసిపోయాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే నాలుగు తిట్టుకోవాలనిపిస్తుంది.

మందమర్రిలో క్వార్టర్ల పక్కన మార్కెట్టు సందులో నాది ఆడవాళ్ల బట్టలు కుట్టే దుకాణం. ఫోను పట్టుకుని కూర్చునే రకాన్ని కాదు. చేతిలో కత్తెర ఉన్నప్పుడు కళ్లు ఇంకో దిక్కు ఉంటే జాకెట్టు చెడుతుంది, ఆ తర్వాత ఆ ఆడవాళ్ల నోట్లో నేను పడాలి. అలాంటిదాన్ని ఇచ్చోడలో ఉండే మా చెల్లెలు, చిన్నమ్మ బిడ్డ, చెడగొట్టింది. ఒక ఆదివారం పొద్దున ఏవో నల్లటి బొమ్మలు పంపి, "అక్కా, గిది మీ బాయి కథే, జర సూడు" అంది. బొగ్గుగనిని మా దిక్కు బాయి అంటాం.

పిల్లల కథ అనుకుని తెరిచాను. మొదటి వారమే గాడిద చచ్చిపోయింది.

ఆ బొమ్మల్లో మనుషులు లేరు. బాయిలో పని చేసేవన్నీ జంతువులే. పని చేయించే సర్దారు ఎలుగుబంటి. బొగ్గు ఎత్తేది దున్నపోతు. పైకప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టేవి రెండు ముంగిసలు. వాటి కాళ్ల మధ్య తిరిగే ఒక ఎలుక. ప్రతి ఆదివారం పొద్దున పది పేజీలు వస్తాయి. రెండు మూడు వారాలకోసారి పైకప్పు కూలుతుంది, ఎవరో ఒకరు పోతారు. గీసేది ఎవరో ఎవరికీ తెలియదు. పేరు పెట్టుకోరు, అడిగితే జవాబివ్వరు. కానీ ఏం చెయ్యి అది! అన్నీ నల్లటి పేజీలే, అయినా గోడ నలుపు వేరు, నీళ్ల నలుపు వేరు, భయం పట్టిన మొహం మీది నలుపు వేరు. రంగు బట్టల మధ్య బతికే నాకు నలుపులో ఇన్ని ఉంటాయని అప్పటిదాకా తెలియదు.

అవ్వ, అంటే మా అమ్మ, పోయినప్పటి నుంచి బాపు నా దగ్గరే ఉంటున్నాడు. ముప్పై ఏళ్లకు పైగా బాయిలో దిగి రిటైరైన మనిషి. అక్షరాలు ఆనవు కాబట్టి ఆదివారం చాయ్ తాగుతుంటే నేనే చదివి వినిపించేదాన్ని. బొమ్మలు మాత్రం ఆయనే చూసేవాడు, ఫోను ముక్కుకు ఆనించుకుని, వేళ్లతో సాగదీసి. మొదటిసారి చూసినప్పుడే, "గీయన బాయిల దిగిన మనిషే" అన్నాడు.

"ఆడమనిషైతే?" అన్నాను.

"అయితే ఆమె బాపు దిగిండు."

ఎందుకని అడిగితే జంతువుల కళ్లు చూపించాడు. పని దిగి స్నానం చేసి వచ్చిన ప్రతి జంతువుకూ రెప్పల అంచున సన్నటి నల్ల గీత ఉంది. చిన్నప్పుడు బాపు కళ్లకూ ఆ గీత ఉండేది. ఎంత సబ్బు రుద్దినా పోయేది కాదు. మా నాన్న కాటుక పెట్టుకుంటాడని బడిలో పిల్లలు ఏడిపించేవాళ్లు. దాన్ని ఎవరో గుర్తుపెట్టుకుని గీశారంటే ఆ మనిషి కాళ్లు మొక్కాలనిపించింది.

ఇక ఫోనులో ఆ బొమ్మల కథ చదివేవాళ్ల గ్రూపు ఒకటి, చెల్లెలే నన్ను చేర్చింది. ఆదివారం పది పేజీలు రావడం ఆలస్యం, సోమవారం నుంచి శనివారం దాకా ఒకటే రచ్చ. వచ్చే వారం ఎవరు పోతారు, ఎలుగుబంటి మంచోడా చెడ్డోడా, గాడిద నిజంగా చచ్చిందా. హుస్నాబాద్ దిక్కు రైతు ఒకాయన పత్తి చేనులోంచి మాట రికార్డు చేసి పంపేవాడు, వెనక పిట్టల అరుపులతో సహా. మా చెల్లెలైతే ఒకే వారంలో మూడు ఊహలు చెప్పి మూడింటికీ ఒట్టు పెట్టుకునేది. నవ్వుకునేదాన్ని గానీ వాళ్లంటే నాకు గౌరవమే. ఒక గోడ మీది పగులు గురించి రెండు రోజులు వాదించుకునే ఓపిక ఎంతమందికి ఉంటుంది చెప్పండి?

అలాంటి వాళ్లకే కనబడనిది నాకు కనబడింది. పైకప్పు కూలిన పేజీలన్నీ పక్కపక్కన పెట్టి చూశాను. కూలడానికి ముందు బొమ్మలో, ప్రతిసారీ, ఒక మూల ఎలుక పరుగెడుతోంది. ఒకచోట తోక మాత్రమే. ఇంకోచోట నీడ. పోగులు లెక్కపెట్టే కళ్లు నావి, నన్ను దాటిపోతుందా? ఎర్ర సున్నాలు చుట్టి గ్రూపులో పెట్టాను. కింద రాశాను: "దిమ్మెలు కొరికి కూలగొట్టేది ఇదే. తప్పు చేసింది కాబట్టే ముందుగా పారిపోతుంది. జోడీదార్లను చావుకు వదిలేసి ఉరికే ద్రోహి."

గ్రూపు అట్టుడికిపోయింది. "బాప్ రే, అక్కా!" అని మా చెల్లెలు గంతులేసింది. హుస్నాబాద్ ఆయన "గిన్ని దినాలు గుడ్డోళ్లమైనం గదా" అన్నాడు. రెండు రోజుల్లో ఎలుకను తిట్టనివాళ్లు లేరు.

ఆ ఆనందంలో నేను రాసింది బాపుకు గొంతెత్తి చదివి వినిపించాను. శభాష్ అంటాడనుకున్నాను. ఆయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

"ఎల్క ఏం చేసింది బిడ్డా?"

"చెప్పిన గదా బాపూ. దిమ్మెలు కొరికింది."

"ఎల్క దిమ్మె కొరుకుతదా? నీకెవలు చెప్పిండ్రు?" అని కోపంగా అన్నాడు. తర్వాత మెల్లగా చెప్పాడు. వాళ్ల షిఫ్టులో అన్నం డబ్బా విప్పగానే మొదటి బుక్క తీసి ఎలుకకు పక్కన పెట్టేవాళ్లట. దాన్ని కొట్టేది లేదు, తరిమేది లేదు. ఎందుకంటే పైకప్పు కదిలేది మనిషి చెవికంటే ముందు దాని చెవికి వినిపిస్తుంది. "ఎల్క ఉరికిందంటే తట్ట ఆడనే పారేసి మనం గూడ ఉరకాలె. గది మాకు సర్దార్ లెక్క. దాన్ని పట్టుకొని ద్రోహి అంటవా?"

నాకు రోషం వచ్చింది. అంత పేరొచ్చిన నా ఊహను ఒక్క మాటతో తీసేస్తాడా అని. "బొమ్మల కథ బాపూ, దానికి గింత కోపం ఎందుకు" అని విసుక్కుని దుకాణానికి పోయాను. సాయంత్రం వచ్చేసరికి ఆయన అన్నం ముట్టలేదు. మరుసటి రోజూ పలకలేదు. మూడో రోజు మాత్రం, నా మొహం చూడకుండా, "గా రాసింది తీసెయ్యరాదు?" అన్నాడు.

అప్పుడు, కత్తెర చేతిలో పట్టుకుని నిలబడ్డచోటే, నాకు తట్టింది.

నాకు తొమ్మిదేళ్లప్పుడు బాపు పని చేసే చోట పైకప్పు కూలింది. బాపు బయటికొచ్చాడు. ఆయనతో కలిసి పని చేసే జోడీదారు రాలేదు. నేను పెద్దనాన్న అని పిలిచే ఆయన, మా పక్క లైను క్వార్టర్లలోనే ఉండేవాడు. తర్వాత కొన్నాళ్లకు నల్లా దగ్గర ఒకామె ఇంకొకామెతో, "జోడీని ఇడిసిపెట్టి ఉరికొచ్చిండట" అనడం నేను విన్నాను. చేతిలోని బిందె ఆమె కాలి మీద పడేశాను. కావాలనే పడేశాను. ఇంటికొచ్చి అవ్వ చేత దెబ్బలు తిన్నాను గానీ ఎందుకు పడేశానో చెప్పలేదు.

చచ్చినాయన భార్య, నేను పెద్దమ్మ అని పిలిచే ఆమె, ఒక్కనాడూ ఆ మాట అనలేదు. పైగా అన్నవాళ్ల నోరు మూయించేది. "మా ఆయన పనిల పడితే పిలుపు ఇనెటోడు గాదు. గీయన పిలిచే ఉంటడు" అనేది. ఇప్పటికీ ఆమె జాకెట్లు నేనే కుడతాను. ఆమె మా వాకిట్లోకి వస్తే మాత్రం బాపు ఏదో పని ఉన్నట్టు లోపలికి పోతాడు. దుఃఖం అనుకునేదాన్ని ఇన్నేళ్లూ. ఆ నల్లా కాడి మాటనే నేను ఎర్ర సున్నాలు చుట్టి, సొంత తండ్రికి చదివి వినిపించాను. నా అంత తెలివిగల బిడ్డ ఎవరికుంటుంది!

రాసింది తీసేశాను. ఎలుకకు బుక్క పెట్టే సంగతి, అది ముందుగా వినే సంగతి రాశాను. ఊరుకుంటారా? మా చెల్లెలు, "నిన్న దొంగ, ఇయ్యాల దేవుడా అక్కా? ఒక్క మాట మీద ఉండరాదు?" అని ఎత్తిపొడిచింది. హుస్నాబాద్ ఆయన మాత్రం నింపాదిగా అడిగాడు: "నువ్వన్నదే నిజమైతే, ముందుగాల ఎరుకైనప్పుడు తోటోళ్లకు చెప్పాలె గదా? ఒక్కతే ఎందుకు ఉరికింది?"

ఇంటికి రాగానే బాపు అడిగాడు, ఏమంటున్నారని. దాచలేకపోయాను, చదివాను. "మంచిగ అడిగిండు" అన్నాడు.

ఆ వారమంతా ఇంట్లో అదే ధ్యాస. శుక్రవారం అడిగాడు, శనివారం రెండుసార్లు అడిగాడు, వచ్చిందా అని. ఆదివారమే వస్తుందని ఆయనకు తెలుసు. ఒక ముసలి మనిషి, బొమ్మల్లో ఎలుకకు ఏ తీర్పు వస్తుందోనని అన్నం సహించక తిరుగుతున్నాడు. నేను ఊళ్లో ఉన్న దేవుళ్లందరికీ మొక్కాను, ఆ గీసేవారి మనసు మంచిగుండాలని.

వచ్చింది. కాస్త ఆలస్యంగా, నేను దుకాణంలో ఉండగా. ఆ పది పేజీలూ ఎలుక వైపు నుంచి గీశారు. మొదటి పేజీ నిండా ఒక చెవి. రెండో పేజీలో రాతిలో వెంట్రుక లాంటి గీత. తర్వాత ఎలుక పరుగు. కొంచెం దూరం పోయి ఆగుతుంది, వెనక్కి తిరుగుతుంది, పళ్లు కనబడేలా నోరు తెరిచి అరుస్తుంది. దున్నపోతు వినదు. మళ్లీ వెనక్కి వస్తుంది, ఇంకా దగ్గరికొచ్చి అరుస్తుంది. దున్నపోతు పార ఎత్తుతుంది. ఆ తర్వాత పేజీ మొత్తం నలుపు. మిషను మీద తల పెట్టుకుని ఏడ్చాను. గ్రూపంతా ఏడ్చింది. చెల్లెలు మాట పంపింది: "అక్కా, నువ్వే గెల్చినవ్. ఎల్క తప్పు లేదు, ఇసుమంత గూడ లేదు." హుస్నాబాద్ ఆయన ఎలుకకు క్షమాపణ చెప్పాడు.

దుకాణానికి గడియ పెట్టి ఇంటికి ఉరికాను. "సూడు బాపూ! పిలిచింది, రెండుసార్లు పిలిచింది!"

ఆయన మూడుసార్లు చూశాడు, మొదటి పేజీ నుంచి చివరిదాకా. అందరూ ఏమన్నారో చదివాను. ఆయన మొహం తేటపడుతుందని చూస్తున్నాను.

"మంచిగ గీసిండు" అన్నాడు. ఫోను నా చేతిలో పెట్టాడు. "ఎల్క పిలిచింది బిడ్డా. నేను పిలువలే."

నేను ఫోను పక్కన పెట్టేశాను.

"ఉరికినందుకు గాదు నా బాధ. ఉరకాలె, అందరం ఉరుకుతం. అన్న నా యెన్క పది అడుగుల దూరంల తట్టెత్తుతుండు. పిలుద్దామని నోరు తెరిసిన. కాళ్లు ఆడినయ్, గొంతు ఆడలే. ఇగ అన్న ఇంటామె, నేను పిలిచే ఉంటనని ఊరందరికి చెప్తది. నేను ఎన్నడు కాదనలే."

లోకమంతా ఎలుకను నిర్దోషి అన్న రోజు అది. ఊరికే తల ఊపి ఉంటే ఆయన కూడా ఆ గెలుపులో కలిసిపోయేవాడు. నేను సంతోషంగా చాయ్ పెట్టేదాన్ని, అంతటితో అయిపోయేది. ఎవరడిగారు ఆయన్ని? చేతికి అందిన దాన్ని వద్దన్న మనిషిని నేను అప్పటిదాకా చూడలేదు. మా బాపు అంత పెద్దవాడని ఆ రోజే నాకు తెలిసింది. ఆ మాట ఆయనతో అనేశాను కూడా, ఏడుస్తూనే.

ఆయన వినిపించుకోలేదు. లేచి అంగీ తొడుక్కుంటున్నాడు. "గామె ఇంట్ల ఉంటదా గీ యాళ్లకు?"

వద్దు బాపూ, ఇన్నేళ్ల తర్వాత ఎందుకు అనాలని నోటిదాకా వచ్చింది. ఆమె ఏమంటుందోనని భయం వేసింది నాకు. పిలిచాడన్న నమ్మకం మీద బతికిన మనిషి.

"నువ్వు గూడ రా" అన్నాడు. "నా గొంతు రాకుంటే నువ్వు చెప్పు."

"నేను చెప్ప. నువ్వే చెప్పాలె" అన్నాను. గట్టిగానే అన్నాను.

పక్క లైనుకు పది అడుగులు. పెద్దమ్మ వాకిట్లో మాకు వీపు పెట్టి కూర్చుని చాటలో బియ్యం చెరుగుతోంది. చాట చప్పుడుకు మా అడుగులు వినబడలేదు. బాపు గేటు దగ్గర ఆగిపోయాడు. ఆయన పెదవులు రెండుసార్లు కదిలాయి. నేను నోరు తెరవబోయి, చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"వదినే!" అని పిలిచాడు బాపు.

లైను చివరిదాకా వినబడేంత గట్టిగా పిలిచాడు. పెద్దమ్మ చాట పక్కన పెట్టి వెనక్కి తిరిగింది.