కళ్లు తెరవని రాతి పురుగు

ఇరవై ఏళ్ల వయసులో నాకు తెలియని సంగతంటూ ఉండేది కాదు. కర్నూలులో డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్న రోజులవి. ఎవరు ఏ విషయం ఎత్తినా, నన్ను అడిగినా అడగకపోయినా, గొంతు సవరించుకుని తీర్పు చెప్పేసేవాణ్ణి. చెప్పింది తప్పని తేలేలోపు ఇంకో విషయం మీదకు వెళ్లిపోయేవాణ్ణి. మా భూగర్భశాస్త్రం పుస్తకం ఇటుకంత మందం ఉండేది. అంత బరువు మోయడం దేనికని బజార్లో దొరికే పల్చటి గైడు కొనుక్కుని, అందులోనూ నక్షత్రం గుర్తున్న ప్రశ్నలే చదివేవాణ్ణి. స్నేహితులు నన్ను ‘గైడు’ అని పిలవడం అలా మొదలైంది. చాలాకాలం నేనది పొగడ్తేననుకున్నాను.

ఆ స్నేహితుల్లో ముఖ్యులు ఇద్దరు. ఒకడు పాలిష్. వాళ్ల నాయనకు బేతంచర్లలో బండలు కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీ ఉండేది గనుక ఆ పేరు. మాటలు తక్కువ. దారిన పోతూ పోతూ ఒక రాయి చేతిలోకి తీసుకుని, దాన్ని అటూ ఇటూ తిప్పుకుంటూ మమ్మల్ని మరిచిపోయేవాడు. తరగతిలో ఇటుక పుస్తకం కొన్నది వాడొక్కడే. రెండోవాడు భాయ్, కర్నూలు పాతబస్తీవాడు. వాడికి ఒక మోటారుసైకిలూ, వేళాపాళా లేని ఆకలీ ఉండేవి. చదువు మీద వాడి అభిప్రాయం ఏమిటో మాకు ఎప్పుడూ తెలియలేదు.

పరీక్షలు ఇంకా రెండు నెలలున్నాయనగా ముగ్గురం బేతంచర్ల వెళ్లాం. ఫ్యాక్టరీలో పెద్దాయన (పాలిష్ నాయన) ఒళ్లంతా తెల్లటి రాతిపొడితో, కోత మిషను పక్కన నిలబడి ఉన్నాడు. మమ్మల్ని చూసి మిషను ఆపించి, కొడుకుతో సూటిగా విషయానికి వచ్చాడు.

“ఏం రా, డిగ్రీ అయిపోతాంది గదా. రాళ్ల సదువు సదివినావు, మన కాడ ఉండేది రాళ్లే. ఇంగ యాడికో పోయి పై సదువులు సదివేది ఏముండాది?”

పాలిష్ తన కాలి బొటనవేలి వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎమ్మెస్సీ చదవాలన్నది వాడి ప్రాణం. ఆ సంగతి నాకూ భాయ్‌కీ తెలుసు. వాడి నోటి నుంచి ఒక్క మాటా రాకపోయేసరికి నాలోని సర్వజ్ఞుడు ఆగలేకపోయాడు.

“మామా, మీవాడు బండలు కోసేవాడు కాదు,” అన్నాను. “మన కడప సున్నపురాయిలో ట్రైలోబైట్లు ఉంటాయి. కోట్ల ఏండ్ల కిందట సముద్రంలో పాకిన పురుగులు, రాయిలో రాయైపోయినాయి. తవ్వితే చాలు. ఒక్కటి దొరికిందంటే మీవాడి పేరు పేపర్లో వస్తాది.”

(ఇదెక్కడిదంటారా? గైడులో ఒక పేజీలో ట్రైలోబైట్లు సున్నపురాయిలో కనిపిస్తాయని ఉంది. ఇంకో పేజీలో కడప రాళ్లలో సున్నపురాయి ఉందని ఉంది. రెండింటినీ కలిపింది నేనే. ఆ రెండు పేజీల మధ్య ఏ రాయి వయసు ఎంతో చెప్పే పాఠం ఒకటుంది. దానికి నక్షత్రం లేదు.)

పెద్దాయన నన్ను ఎగాదిగా చూశాడు. “ముప్పై ఏండ్ల నుంచి బండలు కోస్తాండా నేను. పురుగూ లేదు, పుట్రా లేదు.” ఆపైన కొడుకు వైపు తిరిగాడు. “సరే రా. నాలుగు దినాలు టైమిస్తా. ఒక్క పురుగును తెచ్చి నా చేతిలో పెట్టు. పెడితే పై సదువుకు పో, నేను అడ్డం రాను. పెట్టలేకుంటే పరీక్షలైన మర్నాటి నుంచి ఈడికొచ్చి నిలబడు.”

బయటికి వచ్చాక పాలిష్ నన్ను ఒకే మాట అడిగాడు. “నిజంగా దొరుకుతాయా గైడూ?” వాడి పుస్తకం వాడి దగ్గరే ఉంది. ఆ రాళ్ల పాఠం ఇంకా మొదలుపెట్టలేదట. నేను చెప్పాను కాబట్టి నమ్మాడు. “కండ్లు మూసుకుని తవ్వురా,” అన్నాను.

పాలిష్ మేనత్తది కోవెలకుంట్ల దాటాక ఒక చిన్న ఊరు. ఊరి వెనక బోడికొండ. అక్కడ మకాం పెట్టాం. మొదటి రోజు తెల్లారేసరికి సుత్తులూ, ఉలులూ, గడ్డపారా పట్టుకుని కొండెక్కాం. పొద్దెక్కే కొద్దీ రాయి కాలింది, మేమూ కాలాం. ఆ కొండలో ఎక్కడ కొట్టినా ఒకే రకం రాయి తగిలేది. లోపల చుట్టలు చుట్టలుగా, పొర మీద పొరగా గీతలు. సుత్తి దెబ్బ వేస్తే తిరిగి మోచేతికి వచ్చేది. “ఈ దరిద్రపు చుట్టల రాయి అడ్డం లేకుంటే ఈపాటికి పురుగు చిక్కేది,” అని నేను దాన్ని తిట్టి, అలాంటిదే ఒక చదునైన బండ మీద కూర్చుని మేనత్త కట్టిచ్చిన సద్దరొట్టె, చెనిక్కాయల పొడి తిన్నాను.

మధ్యాహ్నానికి ఊరు మా వెనక వచ్చేసింది. మా సీమలో ముగ్గురు మగపిల్లలు గడ్డపార పట్టుకుని కొండెక్కారంటే దానికి ఒకటే అర్థం. ఒక ముసలాయన మా గుంతలోకి తొంగిచూసి, గొంతు తగ్గించి అడిగాడు. “ఏమప్పా, లంకెబిందెలకేనా?”

“కాదు తాతా, పురుగుల కోసం,” అన్నాను.

“పురుగులా!” ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. “దానికింత ఎండలో తవ్వల్నా? మా కందిచేనుకు రాండి. ఎన్ని గావాలంటే అన్ని ఉండాయి, మోసుకుపోండి.”

మేనత్త మాత్రం నవ్వలేదు. సంగటిలో నెయ్యి ఇంకో గరిటె ఎక్కువ పోసి, పక్కన కూర్చుని, “నిజం చెప్పు నాయనా, ఏమన్నా దొరికిందా? నేను ఎవురితోనూ అనన్లే,” అని బుజ్జగించింది. లేదన్న కొద్దీ ఆమె నమ్మకం పెరిగింది. నెయ్యి కూడా పెరిగింది కాబట్టి భాయ్ గట్టిగా కాదనడం మానేశాడు.

రెండో రోజు ఒక పలకరాయి ఎత్తగానే భాయ్ కెవ్వుమన్నాడు. “దొరికింది రా! కాళ్లుండాయి, తోకుండాది!” పరిగెత్తి వెళ్లి చూస్తే నల్లతేలు. అది కొండి ఎత్తి మా వైపే నడిచి రావడం మొదలుపెట్టింది. “ఇది ఇంకా రాయి కాలేదు గైడూ,” అని అరుస్తూ వాడు కొండ దిగిన వేగం నేను ఆ తర్వాత ఎన్నడూ చూడలేదు.

నవ్వింది అక్కడి వరకే. ఆ సాయంత్రం పాలిష్ అరచేతులు బొబ్బలెక్కి, రెండు చితికి ఉన్నాయి. వాడు వాటికి గుడ్డ చుట్టుకుంటూ, “ఇంగ రెండు దినాలే,” అన్నాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది. అంతలో పెద్దాయన ఫోను, నాలుగో రోజు పొద్దున తానే వచ్చి చూస్తానని. నాకు మొదటిసారి భయం వేసింది. వాడి బతుకును నేను ఒక పల్చటి పుస్తకం మీద పందెం కాశానని అప్పుడు తెలిసింది.

భయం నుంచి పుట్టే ఆలోచనలు ఎలా ఉంటాయో చూడండి. మూడో రోజు పొద్దున్నే, ఏదో సామాను కావాలని పాలిష్‌కు అబద్ధం చెప్పి, భాయ్ బండి మీద నేనూ వాడూ ఆళ్లగడ్డకు పోయాం. ఆళ్లగడ్డలో రోడ్డు పక్కన శిల్పులు దేవుళ్లను చెక్కుతుంటారని మీకు తెలుసు. ఆంజనేయస్వాముల వరస దాటి, ఒక పెద్ద శిల్పి దగ్గర కూర్చుని, గైడులోని బొమ్మ చూపించాం. అరచేయంత చాలన్నాం. ఆయన కళ్లద్దాలు పైకి తోసి చాలాసేపు చూశాడు.

“ఏ దేవుని వాహనమప్పా ఇది?”

“దేవునిది కాదు తాతా. సముద్రంలో పురుగు.”

“సముద్రంలోదా? అట్లయితే కూర్మం వంశమే,” అని ఆయనే నిర్ణయించేశాడు. తరవాత మేము చెప్పిందేదీ ఆయన చెవికెక్కలేదు. ఒంటికి మూడు పట్టెలు బొమ్మలో ఉన్నట్టే తీశాడు. అంచు బోసిగా ఉంటే బాగుండదని చుట్టూ ముత్యాల వరస పెట్టాడు. మధ్యాహ్నం దాటేసరికి ఆ ట్రైలోబైట్ ఏ గుడి ముందు పెట్టినా జనం చెప్పులు విడిచేలా తయారైంది. ఒక్కటే లోపం. కళ్లున్న చోట రెండు నున్నటి ఉబ్బులు మాత్రమే ఉన్నాయి.

“తాతా, కండ్లు?” అన్నాను.

“కండ్లు ఇప్పుడు తెరవకూడదప్పా. యాడ పెడతారో ఆడ పూజ చేసి, ముహూర్తానికి తెరవాల. మా నాయన నేర్పించింది అదే.”

“దీనికి పూజా గీజా ఏం లేవు తాతా.”

“అట్లయితే తెరవనే కూడదు,” అని ఉలి కింద పెట్టేశాడు. ఎంత బతిమాలినా ఆయన చెయ్యి కదల్లేదు. భాయ్ నన్ను పక్కకు లాగి, “పోనీలే గైడూ, సచ్చిపోయినప్పుడు కండ్లు మూసుకుంది అని చెప్పుదాం,” అన్నాడు. నాకది శాస్త్రీయంగానే అనిపించింది.

మేము తిరిగొచ్చేసరికి పాలిష్ కొండ మీద లేడు. మేనత్త ఇంటి అరుగు మీద ఇటుక పుస్తకం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మమ్మల్ని చూసి పుస్తకం మూశాడు. ఏదో చెప్పబోయి నా ముఖం చూసి ఆగిపోయాడు. నేనూ సంచి వెనక్కి దాచుకున్నాను.

నాలుగో రోజు పెద్దాయన సరిగ్గా చెప్పిన వేళకు వచ్చి, మాతోపాటు కొండెక్కాడు. గుంతలన్నీ చూశాడు. కొడుకు చేతుల గుడ్డలు కూడా చూశాడు. “యాడ రా పురుగు?” అన్నాడు. పాలిష్ నోరు తెరిచేలోపే నేను సంచిలోంచి తీసి ఆయన అరచేతిలో పెట్టేశాను. “ఇదిగో మామా!”

ఆయన దాన్ని వెలుగులోకి పట్టాడు. బొటనవేలు తడి చేసి అంచు మీద రుద్దాడు. ముప్పై ఏళ్లు రాళ్లతో బతికిన మనిషి ముందు నేను పెట్టిన నకిలీ సరుకు అది.

“ఆళ్లగడ్డ ఉలి. పని శానా బాగుండాది,” అన్నాడు నెమ్మదిగా. “నిన్న మధ్యాహ్నం చెక్కిందే ఇది. పొడి కూడా పోలేదు.” ఆపైన కొడుకు వైపు చూశాడు. “నువ్వు చేయించినావా?”

పాలిష్ నా వైపు చూసిన చూపులో ఆశ్చర్యం తప్ప కోపం లేదు. అందుకే నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. “వానికి తెలీదు మామా, నేనే,” అనబోయాను. వాడే మాట్లాడాడు. నాకు తెలిసినంతలో వాళ్ల నాయన ముందు వాడు అంతసేపు మాట్లాడ్డం అదే మొదలు.

“పురుగు దొరకలేదు నాయనా. దొరకదు కూడా. నిన్న పుస్తకంలో సదివినా. ఆ పురుగులు పుట్టేదానికి వంద కోట్ల ఏండ్ల కంటే ముందే ఈ కొండ పుట్టింది. అప్పటికి కండ్లుండేది, కాళ్లుండేది, ఏదీ లేదు లోకంలో.” (ముత్తాత పెళ్లి పందిట్లో మునిమనవణ్ణి వెతికామన్నమాట, నాలుగు రోజులు.) వాడు వంగి, నేను తిట్టిన ఆ చుట్టల రాయి ముక్క ఒకటి తీసి, సీసాలో నీళ్లు దాని మీద పోశాడు. గీతలన్నీ పైకి తేలాయి. “అప్పుడు బతికింది ఇదొక్కటే నాయనా. పాచి. ఒక పొర బతికి, దాని మీద మట్టి పడి, దాని మీద ఇంకో పొర బతికి, ఇట్ల పెరిగింది. మనం పీల్చే గాలి ఇట్లాటివాటి చలవే. నిన్న మాపటి నుంచి దీని గురించే ఆలోచన చేస్తాండా. నాకు ఇదే సదవాలని ఉండాది.”

పెద్దాయన ఆ తడి రాయిని చేతిలోకి తీసుకున్నాడు. “ఇదా?” అన్నాడు. “దీన్ని మా కాడ ఎర్రగడ్డ రాయి అంటారు రా. కోస్తే ఎర్రగడ్డ తరిగినట్ల పొరలు పొరలు ఉంటాది. గిరాకీ లేదని ముప్పై ఏండ్లుగా గుట్టలు గుట్టలు పారేయించినా.” చాలాసేపు దాని మీద వేలితో ఒక్కొక్క గీతా తడిమాడు. “ఇది బతికిందా?”

“బతికింది నాయనా.”

ఆయన రాయిని కొడుకు చేతిలో పెట్టి, గుడ్డ చుట్టిన ఆ చేతిని అలాగే కాసేపు పట్టుకున్నాడు. “మాట ప్రకారం నువ్వు ఓడిపోయినావు. కానీ ఇది యాపారానికి పనికిరాని రాయి, నువ్వు దాన్ని పట్టుకున్నావు. అంటే నువ్వూ యాపారానికి పనికిరావు. పో, సదువుకో.” తరవాత నా వైపు తిరిగి, “నువ్వు కూడా సదువు నాయనా. గైడు కాదు, పుస్తకం,” అన్నాడు.

(కళ్లు తెరవని పురుగును మేనత్త తీసుకుంది. బిందెలు దొరక్కపోయినా దేవుడన్నా దొరికాడని దేవునిగూట్లో పెట్టి కుంకుమ పెట్టింది.) పాలిష్ ఎమ్మెస్సీ చేసి, ఇప్పుడు కాలేజీలో పిల్లలకు ఆ రాయి గురించే పాఠం చెబుతున్నాడు. నేను బ్యాంకులో చేరాను. ఇప్పుడు ఏ కాగితాన్నైనా చివరి చిన్నక్షరం దాకా చదివిగానీ నోరు విప్పను.

పోయిన నెల మా అక్క కూతురు ఫోన్ చేసింది. “మామా, చేనేత డిజైన్ కోర్సులో సీటొచ్చింది. మా నాయన వద్దంటాండాడు. నువ్వొచ్చి మాట్లాడవా?” నేను అలవాటు ప్రకారం, “అన్నీ కనుక్కుని చెప్తాలేమ్మా,” అన్నాను. ఆ పిల్ల “సరే మామా” అని పెట్టేసింది. ఆ “సరే” నన్ను ఆ రోజంతా కూర్చోనివ్వలేదు. ఆ కొండ మీది కుర్రవాడు, ఆ పాత ‘గైడు’, గుర్తొచ్చాడు. వాడు చెప్పిందంతా తప్పే, చేసింది ఇంకా పెద్ద తప్పు. కానీ నోరు పెగలని స్నేహితుడి పక్కన, వాళ్ల నాయన ముందు, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నిలబడింది వాడే. నేను వాడిని ఇన్నేళ్లూ మూర్ఖుడని నవ్వుకుంటూ వచ్చాను.

మర్నాడు సెలవు పెట్టి, అక్కావాళ్లుండే మైదుకూరుకు బస్సెక్కాను. కోర్సు సంగతులన్నీ దారిలో రెండుసార్లు చదువుకున్నాను. మా బావ ముందు నోరు తెరవడానికి మాత్రం అవేవీ సరిపోలేదు, ఆ కుర్రవాణ్ణే పిలవాల్సి వచ్చింది. పిలవగానే వచ్చాడు పాపం, ఏమీ మనసులో పెట్టుకోలేదు.