వదిన కాళ్ళు ముడుచుకున్న రోజు

మా వదినకి బ్రేకమ్మ అని పేరు. ఎవరు పెట్టారో తెలియదు గానీ, నేర్చుకునేవాళ్ళ నుంచి పాలు పోసేవాడి దాకా అందరి నోటా అదే. డ్రైవింగ్ నేర్పడం ఆవిడ పని. నేర్పే కారులో పక్క సీటు దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఇన్నేళ్ళు దాన్ని తొక్కీ తొక్కీ ఆవిడ కుడికాలికి ఊరికే ఉండటం చేతకాకుండా పోయింది. నేను వేడి గిన్నె పట్టుకుని గబగబా వస్తే చాలు, బల్ల కింద ఆ కాలు నేలని నొక్కేది. మా అన్నయ్య మాటలు కోటలు దాటుతున్నప్పుడూ అంతే. "ఇంకాస్త గట్టిగా నొక్కు వదినా, ఆగుతాడేమో" అని నేను ఏడిపించేదాన్ని. ఇప్పుడు ఆవిడ నేర్పడం లేదు. నేనూ ఆ మాట అనడం లేదు.

వదిన దగ్గర నేర్చుకున్నవాళ్ళు ఆవిడని మరిచిపోలేరు. మొదటి రోజు ఇంజను ఆన్ చేయనివ్వదు. "ఎవరికైనా తగిలిందా, ఆగాలి. దిగాలి. చూడాలి. పోలీసులకి చెప్పాలి" అని ఎక్కాలు వల్లె వేయించినట్టు వల్లె వేయిస్తుంది. ఆఖరి రోజు మాత్రం చెప్పులు విడిచి, రెండు కాళ్ళూ సీటు మీదికి లాక్కుని, ఇంట్లో చాప మీద కూర్చున్నట్టు మఠం వేసుకుని కూర్చుంటుంది. "నా కాలు లేదనుకో. ఇక బండి నీది, రోడ్డు నీది" అంటుంది. డ్రైవింగ్ స్కూల్లో మిగతా నేర్పేవాళ్ళు ఇది పద్ధతి కాదన్నారు. పక్కన ఇంకో కాలుందని తెలిసినంత కాలం నేర్చుకునేవాళ్ళ కాలు నిద్ర లేవదని ఈవిడ వాదం. నిజం చెప్పొద్దూ, అందులో కాస్త గొప్ప కూడా ఉంది. ఏనాడూ ఏమీ కాలేదు మరి.

ఆ రోజు వదిన దగ్గర నేర్చుకుంటున్న ఒక దర్జీ అమ్మాయికి ఆఖరి క్లాసు. మర్నాడే పరీక్ష. ఉదయం పూట, రొట్టెల దుకాణం మలుపు. ఆగి ఉన్న వ్యాను వెనక నుంచి నీలం చొక్కా వేసుకున్న ఒక పెద్దాయన చేతిలో రొట్టె సంచితో రోడ్డు మీదికి వచ్చాడు. అమ్మాయి కాలు కొయ్యబారిపోయింది. వదిన మఠం విప్పి కాలు కింద పెట్టేలోగా కారు మూల ఆయనకి తగిలింది. పెద్ద చప్పుడేం కాలేదట. ఆయన పక్కకి ఒరిగి పడ్డాడు, తల కాలిబాట అంచుకి కొట్టుకుంది. వీళ్ళిద్దరూ దిగేసరికే లేచి నిలబడి చొక్కా దులుపుకుంటున్నాడు.

"ఏం కాలేదమ్మా, ఏం కాలేదు. చూసుకోకుండా వచ్చాను, నాదే తప్పు" అన్నాడు, నవ్వుతూ.

"ఎక్కండి, ఆస్పత్రికి వెళ్దాం."

"అబ్బే, దీనికే ఆస్పత్రా! మీరు వెళ్ళండి."

రక్తం లేదు. మాట తడబడలేదు. దర్జీ అమ్మాయి వదిన మోచెయ్యి పట్టుకుంది. "మేడమ్, ఆయనే ఏం కాలేదంటున్నాడు కదా. పోలీసులకి చెప్తే నా పరీక్ష పోతుంది. మీ లైసెన్సు కూడా పోతుంది."

వదిన కారెక్కి చెప్పులు వేసుకుంది. వెనక్కి చూడటానికి నేర్పేవాళ్ళకి వేరే అద్దం ఉంటుంది. అందులో ఆయన కనిపించాడు. చేతిలో రొట్టె సంచి ఉంది. ఇంటికి పోకుండా మళ్ళీ రొట్టెల దుకాణం వైపే నడిచాడు. తలుపు దగ్గర ఆగి, అదేం చోటో తెలియనట్టు పైనున్న బోర్డు వంక చూస్తూ నిలబడ్డాడు. కారు మలుపు తిరిగింది.

ఇదంతా వదిన మధ్యాహ్నం భోజనాల దగ్గర చెప్పింది. కంచంలో చెయ్యి పెట్టింది గానీ ముద్ద నోటికి పోలేదు. బల్ల కింద కాలు టకటకమని నేలని తొక్కుతూనే ఉంది.

"రొట్టె కొనుక్కున్నవాడు మళ్ళీ ఆ దుకాణంలోకే ఎందుకు వెళ్తాడే?" అని నన్నడిగింది.

"గొడుగేదో మరిచిపోయుంటాడు" అన్నాను. బయట ఎండ కాస్తోందని నాకూ తెలుసు.

అన్నయ్యకి ఇలాంటి వేళల్లో సామెతలు తెగ గుర్తొస్తాయి. "ఆయనే పొమ్మన్నాడు. కాగల కార్యం గంధర్వులే తీర్చారు. మళ్ళీ నువ్వు పోయి కెలకడం దేనికి, కొరివితో తల గోక్కోవడం కాకపోతే?" అన్నాడు.

వదిన చెయ్యి కడుక్కుని లేచింది. నేనూ చెప్పులు వేసుకున్నాను. అన్నయ్య మీద కోపంతో వెళ్ళానో, వదిన మొహం చూసి భయమేసి వెళ్ళానో ఇప్పటికీ చెప్పలేను.

ముందు రొట్టెల దుకాణానికి వెళ్ళాం. నీలం చొక్కా పెద్దాయన సంగతి అడిగితే దుకాణమావిడ గలగలా మాట్లాడింది. "ఆయనా? రోజూ వస్తాడు. భలే మనిషి! ఇవాళేం చేశాడో తెలుసా? రొట్టె చేతిలో పెట్టుకునే మళ్ళీ వచ్చి రొట్టె ఇవ్వమన్నాడు. నేను నవ్వాను. ఆయనా నవ్వాడు. తరవాత 'మా ఇల్లు ఎటమ్మా?' అన్నాడు. హాస్యాలాడుతున్నాడని, 'అదిగో అటు' అని ఊరికే చెయ్యి చూపించాను. అటే వెళ్ళాడు."

"ఆయన ఇల్లు అటేనా?" అంది వదిన.

"ఏమో తల్లీ, ఎక్కడో నాకేం తెలుసు?" అని దుకాణమావిడ ఇంకా నవ్వుతూనే ఉంది. మా మొహాలు చూశాక ఆ నవ్వు ఆగిపోయింది.

పోలీస్ స్టేషన్ ఆ వీధి చివరే. వదిన అంత వేగంగా నడవడం నేనెప్పుడూ చూడలేదు. లోపల గోడ వారగా బల్ల మీద ఒకావిడ చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉంది. ఇన్‌స్పెక్టరు టీ తాగుతున్నాడు.

"యాక్సిడెంటు సంగతి చెప్పడానికి వచ్చానండీ" అంది వదిన.

"ఎవరికి తగిలింది? మీకా?"

"కాదండీ. మా బండే తగిలింది, ఒక పెద్దాయనకి."

"ఆయనేడీ?"

"తెలీదు."

"ఆయన ఫిర్యాదు ఇచ్చాడా?"

"లేదండీ."

ఇన్‌స్పెక్టరు గ్లాసు కింద పెట్టాడు. "దెబ్బ తిన్నవాడు లేడు, ఫిర్యాదు లేదు. మరి ఎవరి మీద రాసుకోనమ్మా?"

"నా మీదే రాసుకోండి. కానీ ముందు ఆయన్ని వెతికించండి. తలకి దెబ్బ తగిలింది. ఇంటిదారి తెలియకుండా తిరుగుతున్నాడు. నీలం చొక్కా, చేతిలో రొట్టె సంచి..."

బల్ల మీద కూర్చున్న ఆవిడ లేచి నిలబడింది. ఒళ్ళో సంచి కింద పడింది. "చొక్కాకి మోచేతి దగ్గర మాసిక ఉందా?" అని అడిగింది.

"ఉందండీ" అంది వదిన.

ఆవిడ మధ్యాహ్నం కాకముందు నుంచే అక్కడ ఉంది. రొట్టెకని వెళ్ళిన భర్త ఇంకా రాలేదని చెబితే, చిన్నపిల్లాడా ఏంటి, వస్తాడులే కూర్చోండన్నారట. ఇన్‌స్పెక్టరు ఇక ఎవరి వంకా చూడకుండా ఫోను అందుకున్నాడు. ఫోన్లు అన్ని వైపులకీ వెళ్ళాయి. జవాబు కోసం చూస్తూనే ఆయన వదిన చెప్పేది రాసుకోసాగాడు.

"బండి నడిపింది ఎవరు?"

"స్టీరింగు నేర్చుకునే అమ్మాయిది. బ్రేకు నాది."

"మరి తొక్కలేదేం?"

"కాళ్ళు సీటు మీదికి ముడుచుకుని కూర్చున్నాను."

ఆయన కలం ఆపాడు. "ఈ మాట రాస్తే మీ లైసెన్సు మీద ఆశ వదులుకోవాలి. రాయమంటారా?"

"రాయండి" అంది వదిన. కానీ అద్దంలో చూసిన సంగతి చెప్పలేదు. నేను గమనించాను. నోరు మెదపలేదు.

పెద్దాయన దొరికింది ఊరి అవతలి కొసన, బస్సులు ఆగే చోట. దుకాణమావిడ చెయ్యి చూపించిన వైపే. రొట్టె సంచి ఒళ్ళో పెట్టుకుని, గోడకి తల ఆనించి కూర్చుని ఉన్నాడట. ఎన్ని బస్సులొచ్చినా ఎక్కకపోతే, హాయిగా నిద్రపోతున్నాడు కదా, పాపం లేపడం దేనికని జనం ఊరుకున్నారు. పోలీసులు లేపితే లేవలేదు. ఊపిరి మాత్రం ఆడుతోంది.

ఆస్పత్రిలో డాక్టరు తల లోపల రక్తం గడ్డకట్టిందన్నాడు. "పొద్దున్నే తీసుకొచ్చి ఉంటే..." అని, పెద్దాయన భార్య మొహం చూసి మిగతాది మింగేసి లోపలికి వెళ్ళిపోయాడు. మేం ముగ్గురం గది బయట కూర్చున్నాం. వదిన ఆవిడ చెయ్యి పట్టుకుంది. ఆవిడా పట్టుకోనిచ్చింది. "మీరు వచ్చి చెప్పారు కాబట్టే ఆయన దొరికారు" అని మాటిమాటికీ అంటోంది. ఆ మాట విన్నప్పుడల్లా వదిన కాలు నేలని నొక్కడం నాకు కనిపిస్తూనే ఉంది. పొద్దువాలే వేళకి డాక్టరు మళ్ళీ బయటికి వచ్చి తల అడ్డంగా ఊపాడు.

ఆవిడ గట్టిగా ఏడవలేదు. కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. తరవాత అడిగింది. "పడ్డాక మీతో మాట్లాడారా? ఏమన్నారు?"

"ఏం కాలేదన్నారండీ" అంది వదిన.

"అలాగే అంటారు. నిచ్చెన మీంచి పడి చెయ్యి విరిగినప్పుడూ అదే మాట. ఏం కాలేదన్నారంటే చాలు, నాకు గుండె గుభేలుమనేది. రెక్క పట్టుకుని ఆస్పత్రికి లాక్కెళ్ళేదాన్ని." ఆవిడ వదిన చేతిని తడిమింది. "అంటే ఆయన సంగతి నాకు తెలుసు కాబట్టి. మీకెలా తెలుస్తుందమ్మా?"

ఇక వదిన ఊరుకోవచ్చు. నేనైతే ఊరుకునేదాన్ని. ఊరుకో వదినా అని మనసులో అనుకున్నాను కూడా.

"నాకు తెలుసండీ" అంది వదిన. "రొట్టె చేతిలో పెట్టుకుని మళ్ళీ దుకాణం వైపే వెళ్ళడం అద్దంలో చూశాను. ఏదో తేడాగా ఉందని అప్పుడే అనిపించింది. అయినా బండి ఆపమని చెప్పలేదు."

ఆవిడ తన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది.