థెల్మా సూపులో ఒకటి తక్కువ

థెల్మా గ్రిగ్స్ ఇంట్లో ఎప్పుడూ ఏదో ఒకటి నిండుకునే ఉంటుంది. ఒక్కటే, రెండు కాదు. సూపుకు ఎసరు కాగుతుంటుంది, బార్లీ నాని ఉంటుంది, ఎముక ఉడుకుతుంటుంది, తీరా చూసుకుంటే ఉల్లిపాయ ఉండదు. ఉల్లిపాయ ఉన్న రోజు క్యారెట్ ఉండదు. రెండూ ఉన్న రోజు మిరియాలు నిండుకుంటాయి. హ్యూన్ నది మీద పొగమంచు దిగి చలికాలం మొదలైందంటే చాలు, కాలం చేసిన మొగుడి వానకోటు తొడుక్కుని, ఆవిడ ఎవరో ఒకరి పెరటి తలుపు దగ్గర ప్రత్యక్షమవుతుంది.

"గిన్నె పొయ్యి మీద ఉంది. నిలబడి మాట్లాడే తీరిక లేదు. ఒక్క ఉల్లిపాయ ఉంటే ఇస్తావా?"

నిలబడే తీరిక లేదు గనక కుర్చీ లాక్కుని కూర్చుంటుంది. రెండు కప్పుల టీ తాగుతుంది. ఎవరి ఆవు ఈనిందో, ఎవరి పడవ ఇసుకలో దిగబడిందో అన్నీ చెప్పి, గంట తరవాత ఉల్లిపాయ జేబులో వేసుకుని లేస్తుంది. అంతసేపూ పొయ్యి మీద ఆ గిన్నె ఏమైపోతోందో వీధిలో ఎవరికీ తెలియదు.

ఆవిడ పక్కిల్లే నోలీన్‌ది. నోలీన్ మొగుడు మెర్వ్ ఉన్నన్నాళ్లు ఆ ఇంట్లో తెల్లవారడానికి ఒక పద్ధతి ఉండేది. మెర్వ్ చీకటితోనే లేచేవాడు. ఇనప పొయ్యి పక్కనున్న చెక్కపెట్టెలోంచి గుప్పెడు చితుకులు తీసి అంటించేవాడు. కెటిల్ కూత పెట్టగానే టీ కలిపి మంచం దగ్గరికి తెచ్చిచ్చేవాడు. నోలీన్ లేచి వచ్చేసరికి వంటిల్లు వెచ్చగా ఉండేది, రొట్టె కాలుతున్న వాసన వచ్చేది. అప్పుడిద్దరూ పందెం వేసుకునేవాళ్లు.

"ఇవాళ థెల్మాకి ఏం నిండుకుందంటావ్?"

"నిన్న క్యారెట్ అయింది కదా. ఇవాళ ఉప్పు."

"కాదు, బంగాళాదుంప."

ఓడినవాళ్లు గిన్నెలు కడగాలి. ఒకరోజు మెర్వ్ గెలుస్తానన్న ధీమాతో ముందుగానే ఒక బంగాళాదుంప కిటికీ గూట్లో పెట్టి ఉంచాడు. థెల్మా వచ్చి దాన్ని చూసి గతుక్కుమంది.

"నాకు బంగాళాదుంప కావాలని నీకెవరు చెప్పారు?"

"నీ మొహం చూస్తే తెలియడంలా?"

"అంటే నా మొహం బంగాళాదుంపలా ఉందనా?"

"కడిగిన దుంపలా ఉందిలే," అన్నాడు మెర్వ్. ఆరోజు నోలీన్ నవ్వుతూనే గిన్నెలు కడిగింది.

థెల్మా అడగని చోటు లేదు. చర్చిలో ఒక పెళ్లివిందులో పెళ్లికూతురి తల్లినే సగం రొట్టె అడిగింది. ఒక ఏడు కొండ మీద పడాల్సిన మంచు ఊళ్లోకి కూడా దిగింది. కట్టెలమ్మే డెస్ పిల్లలు ఇంటి ముందు మంచుమనిషిని చేసి, క్యారెట్ ముక్కు పెట్టారు. థెల్మా ఆ దారినే వెళుతూ ఆగింది. గిన్నె పొయ్యి మీద ఉంది. ముక్కు పీకి జేబులో వేసుకుంది. పిల్లలు గొల్లుమన్నారు.

"ఎందుకేడుస్తారర్రా, మంచుమనిషికి వాసనలతో పనేముంది?" అంటూ ఆవిడ వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే నీలం రంగు గిన్నెనిండా సూపు తెచ్చి డెస్ గడపలో పెట్టింది. "మీ మంచుమనిషి ముక్కు ఇందులో ఉంది. మీ వస్తువు నేను తినేస్తే నాకు అరగదు. మీ వాటా మీరు తినండి."

అది ఆవిడకున్న రెండో చాదస్తం. ఎవరి దినుసు పడితే వాళ్లకు సూపు వెళ్లాల్సిందే. ఒక్క ఉల్లిపాయకు గిన్నెడు సూపేమిటని వీధంతా నవ్వుకునేది. ఇంత తెలివితక్కువ బేరం ఈ లోయలోనే ఎవరూ చెయ్యరని డెస్ అందరికంటే గట్టిగా నవ్వేవాడు.

ఈ ఏడు ఆపిల్ కోతలు అయిపోయిన వారంలో, ఖాళీ పెట్టెలు పేర్చి వచ్చి, మెర్వ్ వరండాలో కూర్చుని మళ్లీ లేవలేదు. ఆ తరవాత ఆ ఇంట్లో పొయ్యి వెలగలేదు.

కట్టెలు లేక కాదు, షెడ్డు నిండా ఉన్నాయి. కానీ పొయ్యి అంటించాలంటే పెట్టెలోని చితుకులు తియ్యాలి. అవి మెర్వ్ చివరి ఆదివారం కొట్టినవి. పైన్ చెక్కను వేలెడు లావున చీల్చి, అన్నీ ఒకే పొడవున కోసి, తల తలకు ఆనించి పేర్చాడు. నోలీన్ పొద్దున్నే లేచి, చెయ్యి పెట్టె దాకా చాచి, వెనక్కి తీసుకునేది. కరెంటు కెటిల్‌లో నీళ్లు కాచుకుని, నిలబడే టీ తాగేది. డబ్బాలో బిస్కెట్లు రెండు తినేది. చలి పెరిగాక ఒకదాని మీద ఒకటి రెండు స్వెట్టర్లు వేసుకుని, వేడినీళ్ల సంచీ కావలించుకుని, పొద్దు గూకీ గూకకముందే పడుకునేది. జబ్బలు చిక్కిపోయి స్వెట్టర్లు వేలాడుతున్నాయి. ఎవరైనా వండి తెస్తే, "ఇప్పుడే తిన్నానండీ, వేరే ఎవరికైనా పనికొస్తుంది," అని మర్యాదగా గడప దగ్గరే తిప్పి పంపేది. ఒకరు పెట్టింది తినడం ఆమెకు మొదటినుంచీ అలవాటు లేదు.

మారనిది పెరటి తలుపు చప్పుడొక్కటే. ఉల్లిపాయ, చిటికెడు ఉప్పు, ఒక బిర్యానీ ఆకు. నోలీన్ ఇచ్చేది, థెల్మా కూర్చునేది. వంటిల్లు ఐసుపెట్టెలా ఉన్నా వానకోటు గుండీలు మెడదాకా పెట్టుకుని గంటసేపు కబుర్లు చెప్పి మరీ లేచేది. సాయంత్రం సూపు తెస్తే, "ఒక్క ఆకు వేసినందుకా థెల్మా, వద్దులే," అని నోలీన్ తిప్పి పంపేసేది.

కొండ నెత్తిన మంచు తెల్లబడ్డ రోజు థెల్మా ఏమీ అడగలేదు. గిన్నెతో సహా వచ్చింది. అందులో నానబెట్టిన ఎండు బఠాణీ, పెద్ద పంది ఎముక.

"నా పొయ్యి గొట్టం మూసుకుపోయింది. చెట్ల మీద తిరిగే పోసమ్ జంతువేదో దూరి గూడు కట్టినట్టుంది. ఇది కాస్త నీ పొయ్యి మీద పెట్టనీ."

"నేను పొయ్యి వెలిగించడం లేదు థెల్మా."

"అయితే వెలిగించు."

"చితుకులు లేవు."

థెల్మా చూపు చెక్కపెట్టె మీద పడింది. నిండుగా ఉంది. ఆవిడ గిన్నె బల్ల మీద పెట్టి వెళ్లి, వానకోటు ఒడినిండా ఆపిల్ కొమ్మలు పట్టుకొచ్చింది. హ్యూన్ లోయ మొత్తంలో అంతకంటే తడిసిన కొమ్మలు దొరకవు. పొయ్యిలో పెట్టి ఎన్ని అగ్గిపుల్లలు గీసినా బుసబుసమనడమే గాని మండవు. వంటిల్లంతా పొగ. ఇద్దరూ దగ్గి దగ్గి కళ్లు తుడుచుకున్నారు. మెర్వ్ పోయాక నోలీన్ అంతగా కళ్లు తుడుచుకున్నది అదే మొదటిసారి, అదీ పొగవల్లే అన్నట్టు.

"పొడి పుల్లలు ఎక్కడైనా ఉంటే బాగుండును," అంది థెల్మా, పెట్టెవైపు తప్ప గదంతా చూస్తూ.

"ఉంటే బాగుండును," అంది నోలీన్.

ఎలాగో పొయ్యి రాజుకుంది. రాజుకున్నాక థెల్మా అసలు సంగతి చెప్పింది. బఠాణీ సూపు సాయంత్రం దాకా సన్నసెగన ఉడకాలట, మంట ఆరకూడదట, తనకేమో మోకాళ్ల నొప్పులట. దాంతో నోలీన్ రోజంతా కట్టెలు ఎగదోసింది. మధ్యాహ్నానికి కిటికీ అద్దాలకు ఆవిరి పట్టింది. తెలియకుండానే ఒక స్వెట్టరు విప్పి కుర్చీకి తగిలించింది. సాయంత్రం థెల్మా వచ్చి సూపు రెండు పాత్రల్లోకి వంచింది.

"ఎందుకు?"

"నీ నిప్పు మీద ఉడికింది. సగం నీదే. నీ సగం నేను తింటే నాకు అరుగుతుందా?"

 ఆవిడ వెళ్లాక నోలీన్ గట్టి రొట్టె ముక్క చిక్కటి సూపులో ముంచి తింది. ఇంకో ముక్క తింది. గిన్నె అడుగు కూడా తుడుచుకుని తిన్నాక, తనకింత ఆకలి ఎక్కడినుంచి వచ్చిందా అని సిగ్గుపడింది.

ఆ పోసమ్ గట్టిది. వారాలు గడిచినా గొట్టం ఖాళీ చెయ్యలేదు. ఒక రోజు గుమ్మడికాయ, ఒక రోజు బార్లీ. ప్రతి పొద్దునా తడి కొమ్మలు, పొగ, దగ్గు.

ఒకరోజు థెల్మా రాలేదు. నోలీన్ చాలాసేపు చూసి, కడిగి బోర్లించిన థెల్మా నీలం గిన్నె తీసుకుని కంచె దాటింది. దాటుతూ తలెత్తి చూస్తే, థెల్మా ఇంటి గొట్టంలోంచి పొగ నిటారుగా, దర్జాగా పైకి పోతోంది.

డెస్ లారీలోంచి కట్టెలు దించుతున్నాడు. "థెల్మా ఆంటీకి జలుబు చేసింది. పొయ్యి ముందు కుర్చీలో ఉంది, వెళ్లు."

"డెస్, ఈ గొట్టంలో పోసమ్ ఉందా?"

డెస్ చేతిలో కట్టె కింద పెట్టి, టోపీ తీసి బుర్ర గోక్కున్నాడు. "ఏ పోసమ్?"

నోలీన్ లోపలికి వెళ్లింది. సామాన్ల గది తలుపు తీసే ఉంది. దూలం నుంచి ఉల్లిపాయలు జడలు జడలుగా వేలాడుతున్నాయి. కింద బంగాళాదుంపల గోనెలు, ఇసుకలో పాతిపెట్టిన క్యారెట్లు, సీసాల్లో బార్లీ, బఠాణీ, మిరియాలు. బిర్యానీ ఆకులైతే కొమ్మకు కొమ్మే ఎండబెట్టి ఉంది. ఈ వీధి మొత్తానికి వచ్చే చలికాలం కూడా వెళ్లిపోతుంది.

డెస్ వెనకాలే కట్టెలు మోసుకొచ్చి, ఆమె చూస్తున్న వైపు తనూ చూశాడు. గొంతు తగ్గించి చెప్పాడు.

"ఆ మంచుమనిషి ముక్కు పీకిన వారం మా ఆవిడ జ్వరంతో లేవలేకపోయింది. నేను వండితే రెండు గిన్నెలు మాడిపోయాయి. పిల్లలు చల్లటి రొట్టెలే తింటున్నారు. ఎవరొచ్చి అడిగినా మాకేం, బాగానే ఉన్నామన్నాను. ఆంటీ అడగలేదు. క్యారెట్ పట్టుకుపోయింది."

"మరి నువ్వు అందరికంటే గట్టిగా నవ్వుతావు కదా."

"నవ్వకపోతే మాకు తెలిసిపోయిందని ఆవిడకి అనుమానం రాదూ?"

"ఇంకా ఎవరికి తెలుసు?"

"అడిగించుకున్న వాళ్లందరికీ," అని డెస్ టోపీ పెట్టుకున్నాడు. "పెళ్లికూతురి వాళ్లమ్మకి కూడా."

థెల్మా దుప్పటి కప్పుకుని, ముక్కు ఎర్రగా, పొయ్యి ముందు కూర్చుని ఉంది. పొయ్యి మీద కెటిల్ హాయిగా కూస్తోంది. పక్కన పెట్టెనిండా ఎండిన చితుకులు, మెర్వ్ కొట్టినవాటంత పొడిగా ఉన్నాయి.

"పోసమ్ ఏది థెల్మా?"

"నిన్ననే వెళ్లిపోయింది."

"ఎక్కడికి?"

"నాకు చెప్పి వెళుతుందా?"

"ఇంట్లో ఇన్ని పొడి పుల్లలు పెట్టుకుని నాకు తడివి ఏరుకొచ్చావా?"

"ముసలిదాన్ని. ఏది తడో ఏది పొడో నాకేం కనిపిస్తుంది?" థెల్మా ఒక తుమ్ము తుమ్మి, ఆ తుమ్ము చాటున ఆమె మొహంకేసి ఒకసారి చూసింది. "కోపం వచ్చిందా అమ్మాయ్?"

నోలీన్ గిన్నె చంకలో పెట్టుకుని ఇంటికి వచ్చేసింది.

వచ్చి చెక్కపెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చుంది. పైవరసలోంచి ఒక పుల్ల తీసింది. ఇంకొకటి తీసింది. గుప్పెడయ్యాక పొయ్యిలో పేర్చి అగ్గిపుల్ల గీసింది. ఒక్కటే గీసింది. పొగ లేదు, బుస లేదు. చిటపటమంటూ అంటుకుని, వంటింట్లో పైన్ వాసన లేచింది. చూసుకుని దాచుకోడానికా కొట్టానిన్ని, అని మెర్వ్ ఉంటే గొణిగే గొణుగుడు ఆమెకు తెలియనిది కాదు. గిన్నెలో నీళ్లు పోసింది, బార్లీ వేసింది, క్యారెట్ తరిగింది. ఉల్లిపాయల బుట్టలో చెయ్యి పెట్టింది. నిజంగానే ఒక్కటీ లేదు. ఉన్నవన్నీ థెల్మాకే ఇచ్చేసింది.

మళ్లీ కంచె దాటి పెరటి తలుపు కొట్టింది.

"గిన్నె పొయ్యి మీద ఉంది," అంది నోలీన్. "నిలబడి మాట్లాడే తీరిక లేదు. ఒక్క ఉల్లిపాయ ఉంటే ఇస్తావా?"

 థెల్మా మూలుగుతూ లేచి, సామాన్ల గదిలోకి వెళ్లి, తలకు తగులుతున్న ఉల్లిజడల కింద నిలబడి అటూ ఇటూ వెతికింది.

"ఉన్నాయో లేవో మరి," అంది. "నాకు ఎప్పుడూ ఏదో ఒకటి నిండుకుంటూనే ఉంటుంది."

నోలీన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. రెండు కప్పుల టీ తాగింది. సాయంత్రం సూపు తెచ్చి, నీ ఉల్లిపాయ నాకు అరగదంది. థెల్మా వంకలేవీ పెట్టకుండా రెండుసార్లు పోయించుకుంది.

నది ఒడ్డున తుమ్మలు పసుప్పచ్చగా పూసేనాటికి మెర్వ్ చితుకులు అయిపోయాయి. ఒక సాయంత్రం నోలీన్ చూసేసరికి పెట్టె అడుగున కాస్త చెక్కపొట్టు మాత్రం ఉంది. షెడ్డులో పైన్ చెక్కలున్నాయి, మొద్దు మీద గొడ్డలి దిగేసి ఉంది, పొద్దుకూడా ఇంకా ఉంది. కొడితే పది నిమిషాల పని. ఆమె గుమ్మంలో నిలబడి గొడ్డలికేసి చూసింది. లోపలికి వచ్చి, కప్పు వేడిపాలలో మైలో పొడి కలుపుకుని, పొయ్యి ముందు కాళ్లు చాపుకుని కూర్చుంది.

రేపు పొద్దున థెల్మా తలుపు కొట్టి పుల్లలు అడగాలి. పొడివే ఇవ్వమని ముందే చెప్పాలి.