మూత కింద కంత

మా అత్తయ్య తేనెటీగల విషయంలో వేలు పెట్టడం నేను చేసిన అతి తెలివి పనుల్లోకెల్లా పెద్దది.

ఆవిడ ముప్పై ఏళ్లుగా పెరటి గోడ వారన తేనెపెట్టెలు పెంచుతోంది. ఆ ఏడాది ఏదో తెగులు తగిలి ఐదు పెట్టెలు ఖాళీ అయిపోయాయి. మిగిలింది ఒక్కటే. అదీ పోతే ఇక ఈ పని మానేస్తానని అందరి ముందూ అనేసింది. ఆవిడ అన్నదంటే అన్నదే.

మా కొండ ఊళ్లో చలికాలంలో ఈగలు బయటికి రావు. రాణి ఈగ చుట్టూ ముద్దగా చేరి, ఒళ్లు వణికించుకుంటూ వేడి పుట్టించుకుంటాయి. దాచుకున్న తేనే వాటికి పొయ్యిలో కట్టె. రోజూ పొద్దున్నే అత్తయ్య పెట్టెకు చెవి ఆనించి, లోపల జుమ్మనే చప్పుడు విన్నాకే టీ ముట్టుకునేది.

ఆ వారం కుళాయిలో నీళ్లు కూడా గడ్డకట్టాయి. అత్తయ్య రెండు రోజులు చెల్లెలింటికి వెళ్లింది. నాకు ఉండబట్టలేదు. నా ఉన్ని శాలువా పెట్టెకు చుట్టి, మూత కింద కంతలో గుడ్డ కుక్కాను. చీమ దూరే సందు లేకుండా చేశానని నా భుజం నేనే తట్టుకున్నాను.

అత్తయ్య వస్తూనే, చెప్పులైనా విప్పకుండా పెట్టె దగ్గరికెళ్లి చెవి ఆనించింది. లోపల ఉలుకూ లేదు, పలుకూ లేదు.

"ఈ గుడ్డ కుక్కింది ఎవరే?"

"నేనే అత్తయ్యా. చలికి చచ్చిపోతాయేమోనని..."

"ముద్దగా ఉంటే చలికి తట్టుకుంటాయే. తడిస్తేనే చస్తాయి. వాటి ఊపిరి ఆవిరంతా ఎటు పోవాలి?"

మూత ఎత్తింది. లోపలి వైపంతా నీటి బొట్లు. ఆ నీళ్లు కారి పైనున్న ఈగలు తడిసిపోయాయి. బోలెడన్ని అడుగున రాలి ఉన్నాయి. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఏడ్చేశాను.

ఆవిడ తిట్టలేదు. ఖాళీ పెట్టె మీది పొడి మూత తెచ్చి వేసి, కంత తెరిచింది. రాలిన ఈగల్ని నా దోసిట్లో పోసింది.

"ఏడుపు తర్వాత. ముందు ఊదు. చచ్చినట్టే ఉంటాయి గానీ అన్నీ చావవు."

పెదాలు ఎండిపోయేదాకా ఊదాను. ఒకటి కాలు కదిపింది. కాసేపటికి సగం ఈగలు పాకడం మొదలుపెట్టాయి. అత్తయ్య వాటిని ముద్ద మీద వదిలి మూత దించింది.

మర్నాడు పొద్దున ఆవిడ పెరట్లోకి వెళ్లలేదు. టీ గ్లాసు ముందు పెట్టుకుని కూర్చుంది. కానీ ముట్టుకోలేదు.

"నువ్వెళ్లి వినవే," అంది.

వెళ్లి చెవి ఆనించాను. సన్నగా, తెగకుండా జుమ్మనే చప్పుడు వినిపించింది.

"టీ తాగండత్తయ్యా!" అని అక్కణ్ణుంచే కేకేశాను.