దగ్గు తీసేసిన పాఠం

మా యూనివర్సిటీలో విద్యార్థులకు అందని సాయమంటూ లేదని చేరిన రోజే మైకులో చెప్పారు. మనసు బాగోలేకపోతే కౌన్సెలర్, ఒళ్ళు బాగోలేకపోతే డిస్పెన్సరీ, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళకు ర్యాంపు, చూపు లేనివాళ్ళకు పాఠాలు చదివి రికార్డు చేసిపెట్టే మనుషులు. ర్యాంపు సంగతి మొదటి వారంలోనే తెలిసింది. అది నున్నగా పైదాకా వెళ్ళి, సరిగ్గా గుమ్మం ముందు ఒక మెట్టు దగ్గర ఆగుతుంది. నా చేతికర్ర ఆ మెట్టుకు టక్కున తగిలినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. నవ్వాను. ఏడిస్తే ఎవరో ఒకరు "పాపం" అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

నాకు పుట్టుకతో చూపు పోలేదు. బాచుపల్లి హాస్టల్లో ఇంటర్ చదివే రోజుల్లో బోర్డు మీద అక్షరాలు అలుక్కుపోవడం మొదలైంది. డిగ్రీ అయ్యేసరికి ఎదురుగా వెలుతురు ఉందా లేదా అన్నంత వరకే మిగిలింది. చందానగర్‌లో మా ఇంట్లో అందరూ ఒకే మాట అన్నారు, "చదివింది చాలు తియ్, ఇగ ఇంట్ల ఉండు" అని. "ఇంట్ల ఉండి ఏం జెయ్యాలె? గోడలకు కాపలా ఉండాల్నా?" అని కొట్లాడి ఎం.ఏ. ఎకనామిక్స్‌లో చేరాను. కొట్లాడి చేరాను కాబట్టి తప్పడానికి వీల్లేదు. తప్పితే మా వాళ్ళు నన్నేమీ అనరు. ఏమీ అనకుండా అన్నం కలిపి పెడతారు. అది ఇంకా భరించలేను.

ఫోన్ చదువుతుంది కదా అంటారు. చదువుతుంది. మామూలు పుస్తకమైతే చక్కగానే చదువుతుంది. మా నోట్సులన్నీ జిరాక్సుకు జిరాక్సు తీసిన కాగితాలు, వాటి నిండా పట్టికలు, గీతలు. పట్టిక వచ్చిందంటే ఆ యంత్రానికి పూనకం వస్తుంది, అంకెలన్నీ ఊపిరి తీసుకోకుండా ఒక్క దమ్మున చదివేస్తుంది. గీత వస్తే "చిత్రం" అని ఊరుకుంటుంది. పరీక్షలో చిత్రం అని రాస్తే మార్కులెవరిస్తారు?

అందుకే సహాయ కేంద్రానికి వెళ్ళాను. కాంటీన్ వెనక, ఎప్పుడూ తాలింపు వాసన వచ్చే గది అది. దాని ఇన్‌ఛార్జి సారు రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి, మా వైపు మాటే మాట్లాడేవాడు. "ఫికర్ జెయ్యకు బిడ్డా, శనివారం వస్తరు సదివెటోళ్ళు" అన్నాడు.

శనివారం వచ్చారు. రోడ్డు అవతల అద్దాల ఆఫీసుల నుంచి బస్సులో, సేవా కార్యక్రమమని అందరికీ ఒకే రకం టీషర్టులట. నన్ను మధ్యలో నిలబెట్టి ఫోటో దిగారు. ఎటువైపు చూడాలో నాకెవరూ చెప్పలేదు. తలా ఒక పేజీ గడగడా చదివి, కాంటీన్‌లో టీ తాగి వెళ్ళిపోయారు. గది ఖాళీ అయిందనుకుని నేను గట్టిగా "సంబురమైపోయిందా!" అన్నాను.

"లేదండీ, నేనింకా ఉన్నాను" అందొక గొంతు.

గోదావరి వైపు గొంతు. మాట చివర కాస్త సాగదీసి, ఎదుటి మనిషికి పీట వేసినట్టు ఒక "అండీ" పెట్టే గొంతు. వయసులో నాకంటే పెద్దదే. ఏదో కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తానని చెప్పింది. "ఎలా చదవమంటారండీ?" అని అడిగింది. అప్పటిదాకా ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు.

"మనుషులు మాట్లాడుకున్నట్టు సదువు అక్కా" అన్నాను.

అలాగే చదివింది. గీత వస్తే వదిలిపెట్టేది కాదు. "ఇక్కడో గీత ఉందండీ. ఎడమవైపు పైనుంచి బయలుదేరి, హుషారుగా దిగి, సగం దూరం పోయాక అలసిపోయి పడుకుంది" అనేది. నేను పకపకా నవ్వేదాన్ని. ఆ గీతలు నాకు ఇప్పటికీ గుర్తే. మధ్యలో ఆగి "ఇది నాకే అర్థం కాలేదండీ, మళ్ళీ చదువుతా" అనేది. "నీ అండీలు తీసేస్తే పాఠం సగం అయితది అక్కా" అని ఏడిపించేదాన్ని. "తీసేస్తే నేను మిగలనండీ" అనేది.

నిజంగానే తీసేశారు. ఇన్‌ఛార్జి సారుకు శుభ్రం పిచ్చి. రికార్డు చేసిన ప్రతి పాఠాన్నీ కంప్యూటర్‌లో వేసి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టుకుని, దగ్గులు, మంచినీళ్ళ గుటకలు, కుర్చీ కిర్రుమనడాలు, పక్కమాటలు అన్నీ ఏరి పారేసేవాడు. బియ్యంలో రాళ్ళు ఏరినట్టు అంత శ్రద్ధ. "జర విను బిడ్డా, ఎంత సాఫ్ జేసిననో. సదువుకునే పిల్లలకు దగ్గులెందుకు, పరేషాన్ గాదా?" అని మురిసిపోయేవాడు. ఆయన ప్రేమ అలాంటిది. నాకు కోపం వచ్చేది, ఏమీ అనలేకపోయేదాన్ని.

దగ్గులు మాత్రం ఏరేకొద్దీ ఎక్కువయ్యాయి. ఆ ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళందరికీ ఒక దగ్గు ఉంటుంది. ఏసీ దగ్గంటారు. ఎండాకాలం స్వెటర్లు వేసుకుని కూర్చునే చోట ఆ దగ్గును ఎవరూ పట్టించుకోరు. మిరియాల కషాయం తాగుతారు, ఏసీ కింద నుంచి సీటు మార్చమని ఒక మెయిల్ పెడతారు, మళ్ళీ పనిలో పడతారు. అక్క కూడా అదే అనుకుంది. నాకు మాత్రం వినబడింది. మొదట్లో గొంతులో ఉన్న దగ్గు రానురాను లోపలికి దిగింది. వాక్యం చివరిదాకా ఊపిరి అందడం లేదు. పెద్ద వాక్యాలను విరిచి విరిచి చదువుతోంది.

"అక్కా, గీ దగ్గు మొదట్ల ఉన్న దగ్గు గాదు. దవాఖానకు పో" అన్నాను.

"ఏసీ దగ్గేనండీ. మా ఫ్లోర్‌లో సగంమందికి ఉంది. అందరం ఆసుపత్రికి పోతే పని ఎవరు చేస్తారు?"

"పని పాడుగాను! పోతవా పోవా?"

"పోతానండీ బాబూ, మీ పరీక్షలు కానివ్వండి" అని నవ్వింది. నవ్వు దగ్గయి, దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. సారు అదంతా కూడా తీసేశాడు.

పరీక్షలు దగ్గరపడేసరికి ఆవిడ శనివారాలు రావడం మానేసింది. నీరసంగా ఉందని, ఇంట్లోనే చదివి ఫోన్‌కు పంపిస్తానని చెప్పింది. అలా చివరి పాఠాలు సారు చేతిలో పడకుండా నేరుగా నా దగ్గరికి వచ్చాయి. వాటిలో అన్నీ ఉన్నాయి. దగ్గు ఉంది, గుటక ఉంది, ఖాజాగూడలో వాళ్ళ ఫ్లాటు పక్కన కొత్త టవర్ల కోసం బండలు తొలిచే మిషన్ రొద ఉంది, గిన్నెల చప్పుడు ఉంది. వాళ్ళ పాప కూడా ఉంది. రెండో తరగతి చదువుతోందని అక్క ఎప్పుడో చెప్పింది.

ఆ పాఠాలు విని పరీక్షలు రాశాను. నేను చెప్తుంటే రాసిపెట్టే అమ్మాయిని కేంద్రమే ఇచ్చింది. ఒక ప్రశ్నకు గీత గియ్యమని వచ్చింది. ఎడమవైపు పైనుంచి మొదలుపెట్టించి, సగం దూరం దించి, "ఇగ పండుకోబెట్టు" అన్నాను. రాసే అమ్మాయి కంగారుపడింది.

ఆఖరి పరీక్ష అయిన సాయంత్రం అక్కకు ఫోన్ చేస్తే ఆవిడ భర్త ఎత్తాడు. ఆసుపత్రిలో ఉన్నామన్నాడు. అప్పటికే ఊపిరితిత్తుల జబ్బు చెయ్యి దాటిపోయింది. సిగరెట్ వాసన పడని మనిషి, ఏ వ్యసనమూ ఎరగని మనిషి. నా ఫలితాలు రాకముందే పోయింది. నేను పాసయ్యాను. ఆ సంగతి ముందుగా ఎవరికి చెప్పాలనుకున్నానో ఆవిడకు చెప్పలేకపోయాను.

వాళ్ళింటికి వెళ్ళాను. అందరూ చివరి చూపు చూసి పక్కకు తప్పుకుంటున్నారు. నన్నూ ఎవరో చెయ్యిపట్టి ముందుకు నడిపించారు. నాకు ఆవిడ మొహం ఎలా ఉంటుందో ఎప్పుడూ తెలియదు. నాకు తెలిసింది గొంతే. గది నిండా ఏడుపులు, మాటలు, మంత్రాలు. ఆ గదిలో ఆవిడ ఒక్కతే మాట్లాడటం లేదు. అంత దుఃఖం నాకు చూపు పోయినప్పుడు కూడా కలగలేదు.

కొన్నాళ్ళకు ఆవిడ భర్త సహాయ కేంద్రానికి వచ్చాడు. సారు నన్నూ పిలిపించాడు. ఆవిడ భర్త చాలా నెమ్మదిగా మాట్లాడే మనిషి. పాపకు నిద్ర పట్టడం లేదన్నాడు. "వాళ్ళమ్మ పక్కగదిలో మీ పాఠాలు చదువుతుంటే వింటూ పడుకునేదండీ. ఇప్పుడు పాఠం కావాలంటోంది. ఫోన్‌లో వీడియోలు పెడితే వద్దంటోంది. పాఠమే కావాలట."

సారు వెంటనే కంప్యూటర్‌లో ఉన్న పాఠాలన్నీ కాపీ చేసి ఇచ్చాడు. మర్నాడే పాప నాన్న మళ్ళీ వచ్చాడు. కూర్చున్నాడు. "ఇది అమ్మ కాదంటోందండీ" అన్నాడు. "అమ్మలాగా చదువుతున్నారు ఎవరో అంటోంది."

సారు కుర్చీ కిర్రుమంది. "నేనే సాఫ్ జేసిన సార్" అన్నాడు.  "కంప్యూటర్ల జాగ సరిపోతలేదని అసలువి తీసేసిన. మంచిగ చేస్తున్ననే అనుకున్న." ఆ పెద్దమనిషి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఎన్నాళ్ళుగానో ఆయన మీద కోపం దాచుకున్న దాన్ని, నాకూ ఏడుపొచ్చింది.

ఇంట్లో చదివి పంపిన చివరి పాఠాలు మాత్రం దగ్గులతో సహా నా ఫోన్‌లో ఉన్నాయి. ఉన్నాయని వెంటనే చెప్పలేదు. ఎందుకంటే వాటిలో ఏముందో నాకు కంఠతా వచ్చు. ప్రతి పాఠంలోనూ ఎక్కడో ఒకచోట ఆ పిల్ల తలుపు తీస్తుంది. తీసిన ప్రతిసారీ వాళ్ళమ్మ పంపించేస్తుంది. తల్లి గొంతు కోసం ఏడుస్తున్న పిల్లకు, తల్లి వెళ్ళిపొమ్మనే మాట వినిపించడమా? అదీ నా కోసం, నా దిక్కుమాలిన పరీక్ష కోసం పొమ్మన్న మాట! ఆ పిల్ల జీవితాంతం నన్ను తిట్టుకోదా? 

ఉన్నదున్నట్టు ఇద్దరికీ చెప్పేశాను. సారు ముక్కు చీది, "ఆ ఒక్క ముక్క తీసేద్దామా బిడ్డా?" అన్నాడు.

"మల్ల కత్తెర పడతవా సారూ!" అని అరిచాను. కాంటీన్‌లో గరిటెల చప్పుడు కూడా ఆగింది.

ఆవిడ భర్త మాత్రం కోప్పడలేదు. "తీయొద్దండీ" అన్నాడు. "ఉన్నది ఉన్నట్టే వినిపించండి. మీరే రండి, మీరుంటే బాగుంటుంది."

ఆదివారం మధ్యాహ్నం ఖాజాగూడ వెళ్ళాను. బండలు తొలిచే రొద ఆ పాఠాల్లో వినబడినట్టే ఉంది. నన్ను కూర్చోబెట్టింది పక్కగదిలోనే, ఆవిడ చదివే బల్ల పక్కన సోఫాలోనే. పాప వచ్చి నా పక్కన కూర్చుంది. పలకరిస్తే "ఊఁ" అంది. నా చేతికర్ర పట్టుకుని చూసింది. ఫోన్‌తో పేర్లు ఒక్కొక్కటే చదివించుకుంటూ ఆఖరి పాఠం వెతికాను.

"ఇదేనండీ ఆఖరి భాగం" అని మొదలైంది. దగ్గు. గుటక. పాప ఊపిరి బిగపట్టింది. "అమ్మ" అంది మెల్లగా. వాళ్ళ నాన్న గోడవైపు తిరిగినట్టున్నాడు, ఆయన గొంతు సవరించుకోవడం అటునుంచి వినబడింది. పాఠం నడుస్తోంది. ధరలు, గిరాకీ, గీత దిగడం. ఆ చోటు దగ్గరపడుతోందని నాకు తెలుసు.

ఫోన్‌లో తలుపు కిర్రుమంది. "అమ్మా, అయిపోయిందా?"

"ఇంకొక్క పేజీ తల్లీ. అక్కకి పరీక్ష. తలుపు దగ్గరగా వేసి వెళ్ళు, వచ్చేస్తా."

"నువ్వెప్పుడూ ఇంతే!"

నా పక్కన సోఫా కదిలింది. పాప లేచింది. ఏడుస్తుందనుకున్నాను, ఫోన్ విసిరికొడుతుందనుకున్నాను. చిన్న అడుగులు గుమ్మం దాకా వెళ్ళాయి. కిర్రుమని, ఫోన్‌లో విన్న అదే తలుపు దగ్గరగా పడింది. వాళ్ళమ్మ వెయ్యమన్నట్టే, చప్పుడు కాకుండా వేసింది.

 ఆపమని వాళ్ళ నాన్న అనలేదు, నేను ఆపలేదు. పేజీ సాగింది. అక్క తొందరగా చదువుతోంది, మధ్యలో ఊపిరి అందక ఆగుతోంది, మళ్ళీ తొందరపడుతోంది. చివరి వాక్యం అయ్యాక నవ్వింది. "అయిపోయిందండీ. బాగా రాయండి. నేను వెళ్తా, బయట ఒకావిడ అలిగింది." కుర్చీ జరిగిన చప్పుడు. ఇక ఏమీ లేదు.

తలుపు అవతల నుంచి పాప గొంతు వినబడింది.

"నేను అలగలేదమ్మా. వచ్చెయ్."